అర్బాబు గారి కరెంటు చేప

తొంభై మూడులో, ఆ వారం నేను చేయాల్సిన పనులు ఇవి. చీకటి పడ్డాక చేపకు రొయ్య ముక్కలు వేయాలి. తొట్టి మీద లైటు పడనివ్వకూడదు. నీళ్లు సగం మార్చాలి. అది కరెంటు పుట్టించే చేప అని మా ఆవిడ సంధ్యకు తెలియనివ్వకూడదు.

చివరిది తప్ప అన్నీ రాసి ఫ్రిజ్‌కు అంటించాను.

చేప మా అర్బాబుది, అంటే మా కంపెనీ అరబ్బు యజమానిది. సలాలా వెళ్తూ, హమ్రియాలోని మా రూమ్‌లో అద్దాల తొట్టితో సహా దింపి వెళ్లాడు. తిరిగొచ్చాక సంధ్య వీసా పొడిగింపు కాగితం మీద సంతకం పెడతానన్నాడు. చేపకేమైనా అయితే ఆమెకు వచ్చే నెలే ఊరికి విమానం.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, అదీ జువాలజీ. అందుకని సంధ్యను కూర్చోబెట్టి పాఠం చెప్పాను. నల్లగా కత్తిలా ఉండే ఈ చేప పుట్టిల్లు దక్షిణ అమెరికా నదులు. పగలంతా నీట మునిగిన చెట్ల వేర్ల సందుల్లో నక్కి, రాత్రి తిండికి బయల్దేరుతుంది. చీకట్లో దారెట్లా తెలుస్తుందని అడిగింది. అలవాటు అన్నాను. నిజానికి ఒంట్లోంచి సన్నటి కరెంటు వదిలి దారి కనుక్కుంటుంది. అది మన చేతికి తెలియను కూడా తెలియదు. కానీ సంధ్య మిక్సీ స్విచ్చిని చెక్క గరిటెతో నొక్కే మనిషి.

గురువారం డ్యూటీ నుంచి వచ్చేసరికి తొట్టిలో చేప లేదు. జానెడు ప్లాస్టిక్ పైపు ముక్క పడి ఉంది. వంటింట్లోంచి పులుసు వాసన వస్తోంది. ఆ పైపుతోనే కొట్టి ఉంటుందనుకున్నాను.

“ఏం చేపే?” అన్నాను మెల్లగా.

“మంచిదే. ముల్లు తక్కువ. తిను.”

కడుపునొప్పి అన్నాను. తన వీసాను తానే వండేసిందని ఆమెతో ఎలా చెప్పను? మర్నాడు అర్బాబు వస్తున్నాడు. చేప మాయమైతే తప్పు మాది. చచ్చి కనిపిస్తే దేవుడిది. మత్రా మార్కెట్‌కు పోయి పొడుగాటి సావడాయి చేప ఒకటి కొన్నాను. అది వెండిలా మెరుస్తుంటే ఆఫీసు స్టాంపు సిరా పూసి, సంధ్య స్నానానికి వెళ్లినప్పుడు తొట్టిలో పడుకోబెట్టాను.

రెండు నిమిషాల్లో నీళ్లు కాటుకయ్యాయి. పైపులోంచి అసలు చేప బయటికొచ్చి, సావడాయిని చూసి, వెనక్కి ఈదుకుంటూ మళ్లీ పైపులో దూరింది.

నా కేక విని సంధ్య వచ్చింది. రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, పైపు రెండు వైపులా మూసి, చేపతో సహా ఎత్తి నీళ్ల బకెట్‌లో దించింది.

“గ్లౌజులెందుకు?”

“కరెంటు చేపను ఒట్టి చేతులతోని పట్టమంటవా? మల్లేశమన్న మొదటి దినమే చెప్పిండు.”

మల్లేశం పక్క రూమ్‌లో ఉండే మా కంపెనీ ఎలక్ట్రీషియన్. ఎవరికీ చెప్పవద్దని నేను చెప్పింది అతనొక్కడికే.

“మరి పైపు?”

“చెట్ల ఏర్ల సందుల నక్కుతదని నువ్వే చెప్తివి. హమ్రియాల ఏర్లు యాడికెల్లి తేవాలె? మల్లేశమన్నకు సైట్ల పైపు దొరికింది.” అప్పుడు తొట్టిలోని సావడాయిని చూసింది, తర్వాత నల్లబడిన నా చేతులను. “డిగ్రీల గిది గూడ నేర్పిండ్రా?”

పైపులో హాయిగా పడుకున్న చేపను చూసి అర్బాబు మురిసిపోయాడు. తన ఇంట్లో అది ఏనాడూ ఇంత నెమ్మదిగా లేదట. సంధ్య దగ్గరే ఉండనీ అని, అక్కడికక్కడే సంతకం పెట్టాడు. ఇప్పుడు ఫ్రిజ్ మీది కాగితం సంధ్య చేతిరాతలో ఉంది. పనులన్నీ నాకే.

ఎక్కడైనా పైపు ముక్క కనిపిస్తే మా మల్లేశాన్ని ఒకసారి తలుచుకోండి. రహస్యం దాచడం అతనికి చేతకాదు గానీ, చేప ఒళ్లు గీసుకుపోకూడదని ఆ పైపు అంచులను గరుకు కాగితంతో గంటసేపు రుద్ది ఇచ్చాడు.