ఐలవ్వ గంపలో సేపు పండ్లు

ఆ సోమవారం తహసీల్దారు దగ్గర కాగితాలు చూసే పేష్కారు సోమశేఖర్ పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఇవాళ చేయవలసిన పనులు రెండంటే రెండే అనుకున్నాడు. ఒకటి, సిద్దిపేట తహసీలు కచేరి గోడ కింద సీతాఫలాలు అమ్ముకునే ఐలవ్వను అక్కణ్ణించి లేపేయడం. రెండు, పది గంటల బస్సులో హైదరాబాదు నుంచి వచ్చే సేపు పండ్ల, అంటే ఆపిల్ పండ్ల, పెట్టెను తహసీల్దారుకు అందజేయడం. రెండూ మధ్యాహ్నం భోజనంలోపే తెమిలిపోతాయని, ఆ తరువాత కాస్త కునుకు తీయవచ్చని కూడా అనుకున్నాడు.

ఐలవ్వను లేపమని నిజానికి ఎవరూ చెప్పలేదు. కొత్తగా వచ్చిన తహసీల్దారు శనివారం నాడు కచేరి మెట్లెక్కుతూ, ఈగలు బాగా ఉన్నాయే అన్నాడు. అంతే. సోమశేఖర్ ఆ మాటను రెండు రోజులు మనసులో తిప్పి తిప్పి చూశాడు. ఈగలు పండ్ల కోసం వస్తున్నాయి, పండ్లు ఐలవ్వవి, కాబట్టి సాబు అన్నది మాట కాదు, హుకుం అని తేల్చాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మన పేష్కారు దేవుడు అడగని బలిని కూడా తోలుకొచ్చే రకం పూజారి.

"సాయంత్రానికి ఈ జాగ ఖాళీ గావాలె ఐలవ్వా. ఈగలు ముసురుతున్నయని సర్కారు హుకుం," అన్నాడు కచేరికి వెళ్తూ.

ఐలవ్వ అరవై ఏళ్ల మనిషి. చంద్లాపూర్ గుట్టల్లో తెంపిన కాయలను తెచ్చి ఇరవై ఏళ్లుగా ఆ గోడ కిందనే అమ్ముతోంది. అంగట్లో ఒక్కొక్క అడుగుకూ ఒక్కొక్కరు హక్కుదారులున్నారు, కొత్తగా గంప దించితే ఊరుకోరు. ఆమె దగ్గర కొనేవాళ్లంతా కచేరికి పని మీద వచ్చి, పని కాక కూర్చునేవాళ్లే.

"సీతాఫలాల కాలం రెండు నెల్లు పంతులు. గీ రెండు నెల్లల్ల అమ్ముకున్నదే నా ఏడాది తిండి. గీ జాగ పోతే నేనేం తినాలె?" అని అడిగింది.

సోమశేఖర్‌కు మనసులో కలుక్కుమంది. కాని హుకుం హుకుమే కదా అనుకుని, ఆ హుకుం తానే పుట్టించిన సంగతి మరిచిపోయి, పొద్దు గూకేలోగా ఆమెను పంపించే బాధ్యత జవాను మైసయ్యకు అప్పగించాడు.

సేపు పండ్ల సంగతి వేరు. తహసీల్దారు తల్లి మూడు వారాలు జ్వరంతో పడి లేచింది. నోటికేదీ రుచించడం లేదు. ముద్ద పెడితే మొహం తిప్పుకుంటోంది. దవాఖాన డాక్టరు సేపు పండు పెట్టి చూడమన్నాడు. సిద్దిపేటలో సేపు పండెక్కడిది? నేను తెప్పిస్తానని సోమశేఖర్ అందరికంటే ముందు నోరు జారాడు. ఆయన జన్మలో సేపు పండును చూసింది ఒక్కచోటనే, దవాఖాన గోడ మీది క్యాలెండరులో. అక్కడ అది ఎర్రగా ఉండేది.

పెట్టె ఇంటికి తెచ్చి విప్పితే కాగితపు పీలికల మధ్య పన్నెండు కాయలు. ఎరుపు పేరుకైనా లేదు. పసుపులో ఆకుపచ్చ కలిపినట్టున్నాయి, గట్టిగా ఉన్నాయి. ఒకటి కొరికి చూశాడు. పచ్చి చిలగడదుంపకు దగ్గరి చుట్టంలా ఉంది. పట్నం వ్యాపారి పల్లెటూరివాళ్లని చెప్పి పచ్చికాయలు అంటగట్టాడని పెరట్లో నిలబడి కాసేపు తిట్టాడు. ఆయన తిట్టడం ముగించి లోపలికి వచ్చేలోగా భార్య విమలమ్మ ఒక కాయ చెక్కు తీసి పప్పులో వేసేసింది. కాలం కాని కాలంలో మామిడికాయలు దొరికాయని ఆమె సంతోషం. సోమశేఖర్ ఆ పప్పు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాక గాని సంగతి బయటపడలేదు. కాయలో పులుపు చాలక చింతపండు పిండాల్సి వచ్చిందని విమలమ్మ ఇంకా నొచ్చుకుంటూనే ఉంది.

మిగిలినవి పది. అటు తహసీల్దారు కబురు పంపనే పంపాడు, పండ్లు వచ్చాయా అని. లేదంటే మాట పోతుంది, ఉన్నాయని ఇస్తే పరువు పోతుంది. సోమశేఖర్ చేతులు కట్టుకుని వెళ్లి, పండ్లు వచ్చాయనీ, కొంచెం దోరగా ఉన్నందున మాగబెట్టించాననీ, గురువారం ఉదయం అమ్మగారికి అందుతాయనీ చెప్పాడు. తల్లి మీది బెంగతో తహసీల్దారు అప్పటికే సగమైపోయి ఉన్నాడు. ఇంత సున్నితమైన పండును మాగబెట్టడం ఇక్కడ ఎవరికి తెలుసని అడిగాడు.

"ఈ తాలూకాల గంత మంచి చెయ్యి ఇంకోటి లేదు సాబ్," అన్నాడు సోమశేఖర్ ధీమాగా.

అన్న తరువాత గాని ఆ చెయ్యి ఎవరిదో ఆయనకు తట్టలేదు. పండు మాగబెట్టడంలో ఊరు ఊరంతా ఒప్పుకునే చెయ్యి ఒక్కటే ఉంది. ఆ చెయ్యి సరిగ్గా అప్పుడు మైసయ్య అదమాయింపు కింద గంపకు తాడు కడుతోంది.

పేష్కారు ఇంటికి వెళ్లి కాయలు సంచీలో వేసుకుని, పరుగులాంటి నడకతో గోడ దగ్గరికి వచ్చి గంప దించమన్నాడు. ఐలవ్వ దించలేదు. ఆయన చేతిలోని సంచీ చూసి, అప్పుడు దించింది. ఒక కాయ తీసుకుని అన్ని వైపులా తిప్పింది.

"సీతాఫలానికైతే కండ్లుంటయ్. గవి విచ్చుకున్నయంటే ఎన్నడు పండుతదో చెప్పొచ్చు. గిది గుడ్డి కాయ," అంది.

తరువాత తొడిమ దగ్గర వాసన చూసింది, గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది, చెంపకు ఆనించుకుంది. చివరికి, మూడు రోజులు పడుతుందని తేల్చింది. ఎర్రబడుతుందా అని పేష్కారు ఆశగా అడిగాడు.

"రంగుతోని ఏం పని పంతులు? తొడిమె కాడ వాసన రావాలె. నాకైతే గదే లెక్క."

అయితే ఇంటికి పట్టుకెళ్లి మాగబెట్టమన్నాడు. ఐలవ్వ తల అడ్డంగా ఊపింది. ఈ గోడకు పొద్దంతా ఎండ తగులుతుంది, చీకటి పడ్డాక కూడా రాళ్లు వెచ్చగా ఉంటాయి, ఇరవై ఏళ్లుగా ఆ వెచ్చదనంలోనే తన కాయలు పండాయి, ఇంకోచోట అయితే తన పూచీ లేదు అని చెప్పింది. సోమశేఖర్ అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. మనిషిని లేపితే పండ్లు లేస్తాయి. గురువారం పండ్లు ఇచ్చిన మరుక్షణం జాగా వదలాలని షరతు పెట్టి, ఒప్పుకున్నాడు.

ఐలవ్వ గంపలో వరిగడ్డి పరిచి, దోరబడిన సీతాఫలాల మధ్య పది కాయలూ పేర్చి, పైన మళ్లీ గడ్డి వేసి, గోనెపట్టా కప్పి గోడకు చేర్చింది. పేష్కారు మైసయ్యను పిలిచి, గురువారం దాకా ఆ గంప పక్కనుంచి కదలవద్దనీ, ఎవరు వచ్చినా ముట్టనివ్వవద్దనీ గట్టిగా చెప్పాడు. పొద్దున ఆమెను వెళ్లగొట్టడానికి వచ్చిన జవాను సాయంత్రానికి ఆమెకు కాపలాదారయ్యాడు. సోమశేఖర్ నేరుగా వెళ్లి పట్నం వ్యాపారికి తంతి కొట్టించాడు. పచ్చికాయలు పంపారు, గడ్డిలో పెట్టి పండించుకుంటున్నాము, సిగ్గుపడండి అని దాని సారాంశం.

మంగళవారం ఉదయం రాయపోల్ నుంచి ఒక రైతు వచ్చాడు. భూమయ్య అతని పేరు. పొలం గట్టు తగాదాలో ఆరేళ్లుగా కచేరి చుట్టూ తిరుగుతున్నాడు. గోడ కింద కప్పిన గంప, పక్కన ఛాతీ మీద డవాలు బిళ్లతో, చేతిలో కర్రతో సర్కారు జవాను నిలబడి ఉండటం చూశాడు. ఏముందని మైసయ్యను అడిగితే, చెప్పే హుకుం లేదన్నాడు. ముట్టవచ్చా అంటే వెనక్కి జరగమన్నాడు. భూమయ్యకు విషయం అర్థమైపోయింది. సర్కారు కాపలా పెట్టి, పేరు చెప్పకుండా, ముట్టనివ్వకుండా ఉంచినదంటే మామూలు వస్తువు కాదు. చెప్పులు విడిచి, ఒక కొబ్బరికాయ తెచ్చి కొట్టి, తన గట్టు తగాదా తీర్చమని మొక్కి వెళ్లాడు.

ఆరేళ్లలో మొదటిసారిగా ఆ రోజే అతని దస్త్రం ఎవరో బయటికి తీశారు. ఏదో కట్ట వెతుకుతుంటే చేతికి తగిలింది, అంతే. కాని ఆ మాట బస్సు ఆగే చోటుకు చేరేసరికి గట్టు తగాదా గెలిచినట్టే అయింది. మధ్యాహ్నానికి ఇంకో నాలుగు కొబ్బరికాయలు పగిలాయి. బుధవారం గోనెపట్టాకు పసుపు, కుంకుమ వచ్చాయి. బతుకమ్మ రోజులు కావడంతో తంగేడు పూలకూ కొదవ లేదు. మొక్కినవాళ్లు ఊరికే పోకుండా ఐలవ్వ ఇంకో గంపలో పెట్టిన సీతాఫలాలు కొని ప్రసాదంలా కళ్లకద్దుకుని తిన్నారు. గంపలో ఉన్నవి సాబు వాళ్ల పండ్లేనని ఐలవ్వ అడిగినవాళ్లకల్లా చెప్పింది. ఎంత గుట్టుగా దాస్తున్నదో చూడండని వాళ్లు ఇంకా గట్టిగా మొక్కారు. కిటికీలోంచి ఇదంతా చూస్తున్న సోమశేఖర్‌కు ఎక్కడ కలగజేసుకోవాలో తెలియలేదు. ఈగలు మాత్రం సోమవారం నాటికంటే రెండింతలయ్యాయి.

గురువారం పది గంటల బస్సు డ్రైవరు ఆయన చేతికి ఒక ఉత్తరం ఇచ్చాడు. పట్నం వ్యాపారి మండిపడుతూ రాసిన ఉత్తరం అది. ఇది గోల్డెన్ డెలీషియస్ అనే కొత్త రకమట. పుట్టుక సముద్రాల అవతల, పెంపకం ఉత్తరాదిన కోట్‌గఢ్ కొండల్లో. పసుపే దీని రంగు, ఎన్ని రోజులు ఉంచినా ఎర్రబడదు. పంపినవి కాయలు కావు, పండ్లే. పండిన పండును గడ్డిలో పూడ్చి కుళ్లబెట్టుకునే పెద్దమనుషుల గురించి తమ ముప్పై ఏళ్ల వ్యాపారంలో వినలేదని కూడా రాశాడు.

సోమశేఖర్ ఉత్తరాన్ని జేబులో కుక్కుకున్నాడు. పండిన పండ్లను, సీతాఫలాల వేడిలో, మూడు రోజులు! సాబు చూడకముందే గంపను మాయం చేయాలని చెప్పుల కాళ్లతోనే జనంలోకి దూరి, గోనెపట్టా మీద చెయ్యి వేశాడు. జనం గొల్లుమన్నారు. చెప్పులతో ముడతావా అని భూమయ్య అడ్డం వచ్చాడు. సోమశేఖర్ మైసయ్యను పిలిచి, వీళ్లను జరిపించమన్నాడు. మైసయ్య కర్ర అడ్డం పెట్టాడు, అయితే పేష్కారుకే.

"ఎవలొచ్చినా ముట్టనియ్యద్దని మీరే చెప్పిన్రు గద పంతులు. మిమ్ముల ఇడ్వుమని నాకు చెప్పలే."

ఈ గొడవకు తహసీల్దారు బయటికి వచ్చాడు. జనం తప్పుకున్నారు. దాచడానికి ఇక ఏమీ మిగలక సోమశేఖర్ ఉత్తరం చేతికిచ్చి, తల దించుకుని నిలబడ్డాడు. సాబు ఉత్తరం చదివాడు. పసుపు కుంకుమల గంపను చూశాడు. ఇంట్లో తల్లి పొద్దుటి జావ కూడా తోసేసింది, ఆ బెంగే సాబు మొహంలో కనిపిస్తోంది.

"ఇక గంప తియ్యి," అన్నాడు పేష్కారు నీరసంగా.

"ఆగుండ్రి," అంది ఐలవ్వ. ఆమెకు తెలుసు, ఇవాళ్టితో తన జాగా పోతుంది. అయినా తొందరపడలేదు. పూలు పక్కకు పెట్టింది, పట్టా మడిచింది, గడ్డి పొరలు పొరలుగా తీసింది. పచ్చదనమంతా పోయి, తేనెరంగు తిరిగిన పండ్లు బయటపడ్డాయి. ఒక్కటీ కుళ్లలేదు. వాటితోపాటే లేచిన వాసనకు జనం మెడలు చాచి ముందుకు జరిగారు. తొడిమ దగ్గర ఒకసారి ముక్కు పెట్టి చూసి, ఐలవ్వ ఒక పండును కొంగుతో తుడిచి తహసీల్దారుకు ఇచ్చింది.

ఉల్లిపొరంత పలచని తోలు. పళ్లకు తగలగానే చిట్లింది, లోపలి కండ కరకరమంటూనే మెత్తగా విడిపోయింది. తీపి బెల్లంలా ఒక్కసారి మీద పడేది కాదు, తేనెలా మెల్లగా ఊరేది. మింగబోయేసరికి నాలుక చివర సన్నని పులుపు తగిలి, ఇంకో ముక్క కొరకమంటుంది. తహసీల్దారు కొరికాడు. మళ్లీ కొరికాడు. నడిబజారులో నిలబడి, హోదా మరిచి, గింజల దాకా తిన్నాడు.

"మొజంజాహీ మార్కెట్ల ఇవే పండ్లు తిన్న. గడ్డి నమిలినట్టుండె," అన్నాడు చివరికి. "యుద్ధంల రైళ్లు దొరుకుతలేవని ముందుగాల్నే తెంపుతున్నరు. రంగు జూసి పండ్లని అమ్ముతున్నరు. వీటిని పండ్లు జేసింది ఈమె."

మిగతా తొమ్మిదీ వెంటనే ఇంటికి వెళ్లాయి. పావుగంటలో కబురు వచ్చింది. ముసలమ్మ ఒక పండు మొత్తం తిని, రెండోది అడిగి, పొద్దున తోసేసిన జావ ఎక్కడ పెట్టారని కోప్పడిందట. మూడు వారాల తరువాత ఆమె కోప్పడటం అదే మొదలు. తహసీల్దారు కళ్లు తుడుచుకున్నాడు, ఎవరు చూస్తున్నారో చూసుకోలేదు. నీకేం కావాలో అడుగు అన్నాడు ఐలవ్వను.

"ఏమొద్దు సాబు. ఈగలని జెప్పి నన్ను లేవగొట్టుమన్నరట. సీతాఫలాలు అయిపోయేదాక ఉండనియ్యిండ్రి."

తహసీల్దారు పేష్కారు వైపు తిరిగాడు.

"నేను ఈగలన్న. ఐలవ్వ అనలేదు గద?"

సోమశేఖర్ గోడను చూశాడు, గోడ ఏమీ సాయం చేయలేదు. అక్కడికక్కడే కుర్చీ, బల్ల వేయించి, సాబు హుకుం చెబుతూ ఉంటే పేష్కారే స్వహస్తాలతో రాశాడు. కచేరి గోడ కింది జాగా ఐలవ్వ బతికున్నంత కాలం ఐలవ్వది, ఆమెను కదిలించే అధికారం ఏ సర్కారు నౌకరుకూ లేదు. ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి. కింద సర్కారు మొహరు ముద్ర పడింది. ఇరవై ఏళ్లుగా ఎవరైనా లేపుతారేమోనని సగం గంప కట్టే ఉంచుకున్న ఐలవ్వ, ఆ కాగితం అందుకుని, గోడకు వీపు ఆనించి, కాళ్లు బారజాపి కూర్చుంది. ఆ కూర్చోవడం చూసి భూమయ్య ఈల వేశాడు.

"నాకు సదువు రాదు పంతులు. నువ్వే సదువు," అంది.

సోమశేఖర్ చదివాడు. బస్సు దగ్గరున్నవాళ్లకు వినబడలేదంటే ఇంకొంచెం గట్టిగా మళ్లీ చదివాడు. మూడోసారి చదవడానికి ఆయనకు కాగితం అవసరం రాలేదు.