చీపుళ్ళ ముఠా

“ఒరేయ్ ఫ్రాంక్లినూ, అబద్ధంతో నా కళ్ళు కప్పే మొనగాడు ఈ భూమండలం మీద ఇంకా పుట్టలేదు. పుట్టినా వాడికి వీసా రాదు!”

అడిలైడ్ శివారు మాసన్ లేక్స్‌లోని అద్దె ఫ్లాట్లో, రూమ్ హీటరుకి వీపు ఆనించి నిలబడి సుబ్బరాజు ఈ ప్రకటన చేశాడు. చేతిలో ఉప్మా గరిటె ఉంది కాబట్టి ప్రకటన కొంచెం ఆలస్యంగా జరిగింది, లేకపోతే లేచీ లేవగానే చేసేవాడే. భీమవరం నుంచి సైబర్ సెక్యూరిటీ చదవడానికి వచ్చిన ఈ మహానుభావుడు, చదువు పేరులో సెక్యూరిటీ ఉంది గనక లోకంలోని నేరాలన్నీ తన సిలబస్సే అని తీర్మానించుకున్నాడు. లైబ్రరీ ప్రింటర్లో విజిటింగ్ కార్డులు కూడా కొట్టించుకున్నాడు. వాటి మీద ‘ప్రైవేట్ డిటెక్టివ్’ అన్న అక్షరాలు అతని పేరుకన్నా లావుగా ఉంటాయి.

“ఇప్పుడేమైంది రాజుగారూ?” అన్నాడు రూమ్మేట్ ఫ్రాంక్లిన్, కంచం పట్టుకుని ఉప్మా కోసం ఎదురు చూస్తూ.

“ఏమైందా? నువ్వు ఒక ముఠాలో ఇరుక్కున్నావు. అదీ అయింది.”

ఫ్రాంక్లిన్‌కి ఆకలి చచ్చిపోయింది. ముఠా అంటే ఏమిటో అతనికి వెంటనే అర్థమైంది. నిన్న శనివారం బుద్ధి గడ్డి తిని, మంచు మీద ఆడే తన కర్లింగ్ మ్యాచ్ చూడ్డానికి ఈ మనిషిని వెంటబెట్టుకెళ్ళాడు.

ఇక్కడ ఫ్రాంక్లిన్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. బాపట్లలో చదువుకునే రోజుల్లో, ఇద్దరు కెప్టెన్లు వంతులేసుకుని ఆటగాళ్ళను ఎంచుకుంటుంటే, చివరికి మిగిలేవాడు ఎప్పుడూ ఇతనే. “వీణ్ణి నువ్వే తీసుకోరా,” “వద్దురా, నువ్వే ఉంచుకో,” అని ఇద్దరూ మర్యాదలు పోయేవారు. ఆఖరికి కాలువలో పడ్డ బంతి తెచ్చే ఉద్యోగం దక్కేది. అలాంటివాడు అడిలైడ్ వచ్చిన మొదటి వారంలో, యూనివర్సిటీలో కర్లింగ్ క్లబ్ టేబుల్ ముందు ఊరికే నిలబడితే, క్లారా అనే అమ్మాయి “కెన్ యూ స్వీప్?” అని అడిగింది. చర్చి హాలు ప్రతి శనివారం తనే ఊడ్చేవాణ్ణని చెప్పాడు. ఆ అమ్మాయి నవ్వకుండా పేరు రాసుకుంది. ఒక జట్టు కాగితం మీద తన పేరు ఒకరు ఇష్టపడి రాసుకోవడం ఫ్రాంక్లిన్ జీవితంలో అదే మొదలు. ఆ జట్టంటే అతనికి ప్రాణం.

క్లారా వాళ్ళది నర్సాపురం. తను మాత్రం అడిలైడ్‌లోనే పుట్టి పెరిగింది. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. జట్టుకి ఆమే కెప్టెన్. మిగతావాళ్ళు ఎల్సా, డేనీ, ఫ్రాంక్లిన్.

“నిన్న నేను మూడు సాక్ష్యాలు చూశాను,” అన్నాడు సుబ్బరాజు. “ముందు నీ ఆట రూల్సు చెప్పు. సాక్షిగా నీ వాంగ్మూలం కావాలి.”

ఫ్రాంక్లిన్ ఓపిగ్గా మొదలుపెట్టాడు. “జట్టుకి నలుగురు. రౌండుకి ఒక్కొక్కరికి రెండు రాళ్ళు. గ్రానైట్ రాయి, పైన పిడి, దగ్గర దగ్గర ఇరవై కిలోలు. ఈ కొస నుంచి మంచు మీద జారుతూ వచ్చి, పిడిని కొంచెం తిప్పి వదిలేస్తాం. అవతలి కొసన పెద్ద సున్నా గీసి ఉంటుంది. దాని నడిమధ్యకి ఎవరి రాయి దగ్గరుంటే వాళ్ళకి పాయింటు.”

“చీపుళ్ళెందుకు?”

“రాయి ముందు మంచుని గట్టిగా రుద్దితే అది ఇంకాస్త దూరం పోతుంది, వంకర తక్కువ తిరుగుతుంది. ఎంత రుద్దాలో కెప్టెన్ అరిచి చెబుతుంది. రాయికి మాత్రం మనం తగలకూడదు. మధ్య దారిలో బ్రష్షు తగిలినా కాలు తగిలినా ఆ రాయి తీసేయాలి.”

“ఆఁ! అక్కడే దొరికారు!” సుబ్బరాజు గరిటె పైకెత్తాడు. ఉప్మా ముద్ద ఒకటి హీటరు మీద పడింది. “నిన్న అవతలి జట్టువాడొకడు తనంతట తనే ఆగి, ‘నా బ్రష్షు తగిలింది’ అని రాయి తీసి పక్కన పెట్టాడు. ఎవరన్నా చూశారా? లేదు. అంపైర్ అడిగాడా?”

“అంపైర్ ఉండడు. ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకోవాలి. అదే ఈ ఆట పద్ధతి.”

“ఒరేయ్, నేను భీమవరంలో పదేళ్ళు క్రికెట్టాడాను. బ్యాటుకి బంతి తగిలిన చప్పుడు పక్కవీధిలో వినబడినా, క్రీజులో పాతేసినట్టు నిలబడేవాళ్ళం. తన ఔటు తనే చెప్పుకునే మనిషి ఉండడు. ఉన్నాడంటే వాడి చేత ఎవరో చెప్పిస్తున్నారు. రెండో సాక్ష్యం. ఇంకా రెండు రౌండ్లు ఉండగానే మీ క్లారా గ్లవ్ తీసి వాళ్ళకి షేక్‌హ్యాండిచ్చి ఓటమి ఒప్పుకుంది.”

“తొమ్మిది రెండుతో ఓడిపోతున్నాం. ఇక గెలవలేమని తెలిశాక చెయ్యి కలపడం మర్యాద.”

“మూడో సాక్ష్యం. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకి హాట్ చాక్లెట్ కొనిపెట్టారు. కారణం?”

“అదీ మర్యాదే.”

“ఇన్ని మర్యాదలున్నచోట నేరం లేకుండా ఉంటుందా? ఇది మ్యాచ్ ఫిక్సింగ్! అంతర్జాతీయ చీపుళ్ళ ముఠా!” ఫోను తీసి చూపించాడు. యూని స్పోర్ట్స్ ఆఫీసుకి నాలుగు పేజీల ఫిర్యాదు సిద్ధంగా ఉంది. “వచ్చే శనివారం సాయంత్రం ఐదింటికి దానంతటదే వెళ్ళిపోయేలా పెట్టాను. ఈలోపు మీ ముఠా నేరం ఒప్పుకుందా, సరే. నీ పేరు నిందితుల్లో వెయ్యలేదులే, ఇంట్లోవాడివని.”

ఫ్రాంక్లిన్ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఫిర్యాదు వెళితే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. పోయినేడు టేబుల్ టెన్నిస్ జట్టు మీద ఎవరో ఇలాగే రాస్తే, విచారణ ముగిసేదాకా జట్టుని ఆపేశారు. ఆ విచారణ ఇంకా నడుస్తూనే ఉంది. ఆ జట్టులో ఇద్దరు డిగ్రీ పూర్తిచేసుకుని పెళ్ళిళ్ళు కూడా చేసేసుకున్నారు. ఉన్న ఒక్క జట్టూ ఇలా పోతే తనకి మళ్ళీ కాలువలో బంతులే గతి.

“నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ మెయిల్ తీసెయ్ రాజుగారూ.”

“న్యాయానికి బంధుత్వాలుండవు,” అన్నాడు సుబ్బరాజు, తడిగుడ్డతో హీటరు తుడుస్తూ.

ఆ వారమంతా దర్యాప్తు ముమ్మరంగా సాగింది. బుధవారం యూని కెఫేలో క్లారాని కూర్చోబెట్టి విచారణ జరిపాడు. పక్కనే కూర్చున్న ఫ్రాంక్లిన్‌కి భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

“చూడమ్మా క్లారా, దాచకుండా చెప్పు. వెనకాల ఎవరున్నారు?”

క్లారా వెనక్కి తిరిగి చూసింది. “నోబడీ. జస్ట్ ద టోస్టర్.”

“మీవాళ్ళు తప్పు ఒప్పుకుంటే మీకేం ముడుతుంది?”

“నథింగ్. వుయ్ యూజువల్లీ లూజ్.”

“ఎవరూ చూడనప్పుడు చెప్పకపోతే ఏమవుతుంది?”

క్లారా కొంచెంసేపు నిజంగానే ఆలోచించింది. “ఐ డోంట్ నో. నేనెప్పుడూ ట్రై చెయ్యలేదు,” అంది. చివరి మాటలు తెలుగులో వచ్చినందుకు తనే ఆశ్చర్యపోయింది.

సుబ్బరాజు నోట్‌బుక్‌లో ‘కరుడుగట్టిన ముద్దాయి’ అని రాసుకున్నాడు.

శనివారం రానే వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి ఐస్ రింకులో మ్యాచ్. ఫ్రాంక్లిన్ బూట్లు కట్టుకుంటూ తల ఎత్తేసరికి, గోడవారగా ఒక సఫాయి మనిషి నిలబడి ఉన్నాడు. పచ్చరంగు సేఫ్టీ జాకెట్టు, నెత్తిన మంకీ క్యాప్, ముక్కు కింద పెట్టుడు మీసం, చేతిలో తమ వంటింటి చీపురు. మీసం చలికి బిగుసుకుని ఒక పక్కకి లేచింది.

“సుబ్బరాజు!” అని దూరం నుంచే పిలిచింది క్లారా.

“నేను సుబ్బరాజుని కాదు. ఇక్కడ ఊడ్చేవాణ్ణి,” అన్నాడు సఫాయి మనిషి గొంతు మార్చి.

“గ్రేట్. వుయ్ నీడ్ వన్. డేనీకి షిఫ్ట్ పడింది, హీ ఈజ్ నాట్ కమింగ్.” వంటింటి చీపురు లాక్కుని, చేతిలో అసలు బ్రష్షు పెట్టింది. మంచు మీద జారకుండా డేనీ వాడే రబ్బరు తొడుగులు అతని బూట్లకి తొడిగించింది. ముఠాలోకి చొరబడే అవకాశం ఇంత సులువుగా దొరుకుతుందని సుబ్బరాజు కలలో కూడా అనుకోలేదు.

“చూశావా?” అని ఫ్రాంక్లిన్ చెవిలో గొణిగాడు. “నా మారువేషం ముందు ఎంతటివాళ్ళయినా బోల్తా పడాల్సిందే.”

ఆ మాట పూర్తికాకముందే అతనే వెల్లకిలా బోల్తా పడ్డాడు. మొదటి గంటలో అలా ఆరుసార్లు పడ్డాడు. వదిలిన మొదటి రాయి సగం దారిలోనే ఆగింది, రెండోది పక్క జట్టువాళ్ళ ఆటలోకి వెళ్ళి వాళ్ళని పలకరించి వచ్చింది. అయితే ఊడ్చడం దగ్గరికి వచ్చేసరికి మనిషి మారిపోయాడు. ముఠా రహస్యం రాయి దగ్గరే ఉంటుందని, దాన్ని క్షణం కూడా వదలకుండా, మంచు అరిగిపోయేలా రుద్దాడు. ఎన్నడూ లేనిది, చివరి రౌండు నాటికి స్కోరు అయిదు అయిదు. అవతలి జట్టు రాయి ఒకటి సున్నాలో మధ్యకి దగ్గరగా కూర్చుంది. ఆఖరి రాయి క్లారాది. అది దానికన్నా లోపలికి వెళితే గెలుపు, లేకపోతే ఓటమి.

గోడ గడియారం నాలుగున్నర దాటింది. ఫ్రాంక్లిన్‌కి రాయి ఎంత ముఖ్యమో ఆ ముల్లూ అంతే ముఖ్యం. ఈ ఒక్క మ్యాచ్ గెలిచి, ఆ మెయిల్ ఎలాగోలా ఆగితే చాలు, జీవితంలో ఇంకేమీ అడగనని దేవుడికి మాటిచ్చాడు.

క్లారా జారుతూ వచ్చి రాయి వదిలింది. “స్వీప్!” అని కెప్టెన్ బదులు అవతలి కొసన నిలబడ్డ ఎల్సా అరిచింది. ఫ్రాంక్లిన్ ఒక పక్క, సుబ్బరాజు ఒక పక్క, నడుములు వంచి రుద్దుకుంటూ పరిగెత్తారు. రాయి గీత గీసినట్టు వెళుతోంది. అది చక్కగా మధ్యలోకే వెళ్ళబోతోందని ఫ్రాంక్లిన్‌కి తెలిసిపోయింది.

సగం దారిలో సుబ్బరాజు కాలు జారింది. పడలేదు, నిలదొక్కుకున్నాడు. కానీ ఆ తొట్రుపాటులో బూటు అంచు రాయికి తగిలీ తగలనట్టు తగిలింది.

ఎవరూ చూడలేదు. ఎల్సా దూరంగా ఉంది. క్లారాకి వీళ్ళ వీపులు అడ్డం. అవతలి జట్టు కళ్ళన్నీ సున్నా మీదే. చూసింది ఫ్రాంక్లిన్ ఒక్కడే. చెబితే ఓటమి. పైగా తన నోటితోనే ఇంకో సాక్ష్యం దొరుకుతుంది, మెయిల్ ఖాయం. ఊరుకుంటే గెలుపు. మింగలేక కక్కలేక అతను నోరు తెరిచాడు.

ఈలోగా జరగాల్సింది జరిగిపోయింది. సుబ్బరాజు టక్కున వంగి, పరిగెడుతున్న రాయిని కుడిచేత్తో తాకి, ఆ చెయ్యి రెండు కళ్ళకీ అద్దుకున్నాడు. పుస్తకానికి కాలు తగిలినా, మనిషికి కాలు తగిలినా, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ చెయ్యి చేసేది అదే. బుర్రని అడగలేదు.

రాయి ఆగింది. రింకంతా ఆగింది.

“వాట్ వాజ్ దట్?” అన్నాడు అవతలి జట్టు కెప్టెన్, ఆరడుగుల ఎర్రగడ్డం మనిషి.

క్లారా దగ్గరికొచ్చి సుబ్బరాజు మొహంలోకి చూసింది. “మై మమ్ డజ్ దట్ టు న్యూస్‌పేపర్స్,” అంది నెమ్మదిగా. “కాలు తగిలిందా?”

సుబ్బరాజు తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. పదేళ్ళ క్రికెట్ కళ్ళముందు తిరిగింది.

“తగిలింది,” అన్నాడు చివరికి.

అవతలివాళ్ళు నలుగురూ మెచ్చుకోలుగా బ్రష్షులతో మంచు మీద టపటపా కొట్టారు. రాయి తీసేశారు. ఒక్క పాయింటుతో మ్యాచ్ పోయింది. ఎర్రగడ్డం మనిషి వచ్చి, మిగతా అందరికన్నా ముందు సుబ్బరాజుకే చెయ్యి కలిపాడు.

బెంచీ మీద కూలబడ్డ డిటెక్టివ్ పక్కన ఫ్రాంక్లిన్ కూర్చున్నాడు. నాలుగూ యాభై.

“నేనెందుకలా చేశానురా?” అన్నాడు సుబ్బరాజు.

“ఏమో. ఎవరూ చూడలేదు కూడా.”

“నువ్వు చూశావా?”

“చూశాను.”

“చెప్పేవాడివా?”

“నోరు తెరిచాను. ఏం చెప్పేవాణ్ణో నాకే తెలీదు.” ఫ్రాంక్లిన్ గోడ గడియారం వైపు చూశాడు. “రాజుగారూ, నాకు ఈ జట్టు కావాలి. నన్ను రమ్మని పిలిచిన జట్టు ఇదొక్కటే. ఆ మెయిల్ పోతే నాకిక ఎవరూ లేరు.”

సుబ్బరాజు ఫోను తీశాడు. చలికి కొంకర్లు పోయిన వేలిని ఫోను గుర్తుపట్టలేదు. ఫ్రాంక్లిన్ ఆ వేలిని రెండు చేతుల్లో పెట్టుకుని ఊదాడు. నాలుగూ యాభై ఏడుకి ఫిర్యాదు తెరుచుకుంది. నిందితుల జాబితాలో అన్నిటికన్నా పైన సుబ్బరాజు తన పేరు టైపు చేశాడు. దాన్ని ఒకసారి పైకి చదువుకున్నాడు.

“అబ్బే, ఇది నిలవదురా. దర్యాప్తు చేసేవాడే ముద్దాయి అయితే కేసు చెల్లదు,” అని డిలీట్ కొట్టాడు.

ఫ్రాంక్లిన్‌కి ఏడుపు ముందొచ్చింది, నవ్వు తర్వాతొచ్చింది.

బ్యాగు భుజాన వేసుకుని వెళుతూ క్లారా వాళ్ళ ముందు ఆగింది. “నెక్స్ట్ సాటర్‌డే, టూ ఓ క్లాక్. డేనీకి ఇక అన్నీ వీకెండ్ షిఫ్టులేనట. ఇద్దరూ రండి. డోంట్ బీ లేట్.” సుబ్బరాజు వైపు చూసి, “లూజ్ ద మొస్టాష్,” అని వెళ్ళిపోయింది.

సుబ్బరాజు మీసం పీకి జేబులో వేసుకున్నాడు. ఛాతీ మెల్లిగా మళ్ళీ పొంగడం మొదలుపెట్టింది.

“ఏదేమైనా ఫ్రాంక్లినూ, రికార్డులో రాసుకో. ఇన్ని కేసులు చూశాను గానీ, నేరస్తుడు దొరకడం, నేరం ఒప్పుకోవడం కూడా, ఇదే మొదటిసారి.”

“పట్టుకుందెవరు?”

“నేనే.”

“ఎవర్ని?”

“నన్నే,” అన్నాడు సుబ్బరాజు గర్వంగా.