ఒకటో నంబరు చొక్కా

వారం సెలవైన శుక్రవారం చర్చి నుంచి వస్తూనే ఇమ్మానియేలు షోకేసు తలుపు తీసి, అందులోని డిన్నర్ సెట్టును ఒక్కో పళ్ళెం చొప్పున మంచం కిందికి చేరవేయడం మొదలుపెట్టాడు.

జ్ఞానాంబ బైబిలు బల్ల మీద పెట్టి, చీరైనా మార్చుకోకుండా కుర్చీలో కూర్చుని చూసింది. గల్ఫ్ దేశంలో, ఈ సలాలా ఊరి ఆస్పత్రిలో పంతొమ్మిదేళ్ళుగా స్టాఫ్ నర్సు. ఎవరికి ఏ జబ్బు మొదలైనా కాసేపు కదలకుండా గమనించడం ఆమెకు అలవాటు.

"అది మా అమ్మ పెట్టిందండీ."

"అందుకే కదే, ఎవరి చెయ్యీ తగలకుండా మంచం కింద పెడుతున్నాను."

"మరి షోకేసులో ఏం పెడతారు?"

"చరిత్ర," అన్నాడు ఇమ్మానియేలు, గోనెసంచి మూతి విప్పుతూ.

సంచిలోంచి పద్నాలుగు కప్పులు బయటికొచ్చాయి. కొన్నిటికి చెవులు లేవు. ఒకదాని మీద రెక్కలున్న అమ్మాయి నిలబడి ఉంది గానీ ఆమెకు తల లేదు. ఒక్కో కప్పుకీ ఒక్కో కొత్త కాగితం అతికించి ఉంది: 'గౌతమీ లయన్స్, ఫుట్‌బాల్, ప్రథమ బహుమతి'. కింద ఏదో ఒక సంవత్సరం.

జ్ఞానాంబ ఒకదాన్ని అందుకుని వాసన చూసింది. "ఇది మెర్లిన్ వాళ్ళది. మొన్న వాళ్ళు దేశం వెళ్ళిపోతూ పప్పు పోసుకునే డబ్బాలతో పాటు మనకిచ్చి పోయారు."

"వాళ్ళకి అక్కర్లేదు కదా."

అది మాత్రం నిజం. ఇక్కడినుంచి పోయే కుటుంబాలు ఫ్రిజ్జు అమ్ముకుంటాయి, కుక్కరు ఎవరికో ఇచ్చేస్తాయి, పరుపు వీధిలో వదిలేస్తాయి. కప్పుల్ని ఏం చెయ్యాలో ఎవరికీ తోచదు. అలాంటి అనాథ కప్పుల్ని ఇమ్మానియేలు వారం రోజులుగా ఊరంతా తిరిగి పోగేశాడు.

అతను రైసూత్‌లో రేవు దగ్గర సంచుల గోదాముకి స్టోర్ కీపరు. పదకొండేళ్ళ కిందట గౌతమీ లయన్స్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టి, తనని తనే వ్యవస్థాపక అధ్యక్షుడిగా ఎన్నుకున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా బంతిని తన్నలేదు. బంతి కనబడగానే అతని కుడి మోకాలు నొప్పి పెట్టేది. బంతి అటు పోగానే తగ్గిపోయేది.

క్లబ్బు సంగతి ఏం చెప్పాలి? పదకొండేళ్ళలో ఒక్క ఆటా గెలవలేదు. ఒకసారి ఒక గోలు వేశారు గానీ, పొగమంచులో రిఫరీకి బంతి కనపడలేదు. వేసినవాడు తాను వేశానని ప్రమాణం చేశాడు. రిఫరీ తాను చూడలేదని ప్రమాణం చేశాడు. ఊళ్ళో వీళ్ళ పేరు 'ఆరు గోళ్ళవాళ్ళు'. ఆటకి ఆరు గోల్స్ పడేవని.

ఇప్పుడీ కప్పుల అవసరం పోచన్న వల్ల వచ్చింది.

పోచన్న గోలు కీపరు. జగిత్యాల పక్కనుంచి వచ్చి ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ సెంట్రింగ్ పని చేస్తున్నాడు. యాభై నాలుగేళ్ళు. కంపెనీ వీసా క్యాన్సిల్ చేసింది. ఆగస్టు ఆఖర్న ప్రయాణం, మళ్ళీ రావడం లేదు. మొన్న అడక్కడక్క ఒక మాట అడిగాడు.

"సార్, మనకు గోలంటే రెండు రాళ్ళేనాయె. ఎనక వల ఉండదు. పదకొండేండ్లసంది గోలు పడ్డప్పుడల్ల బంతి కోసం నేనే ఉరుకుతున్న. పోయేలోపు ఒక్కపారి వల ఉన్న గోలుల నిలవడాలె."

వల ఉన్న గోలు సలాలాలో వీళ్ళకి ఒక్కచోటే దొరుకుతుంది. ముసురు కాలంలో, అంటే ఇక్కడివాళ్ళు ఖరీఫ్ అనే రోజుల్లో, జరిగే టోర్నమెంటులో. అందులో ఎనిమిది జట్లు. ఏడు ఖరారైపోయాయి. ఎనిమిదో చోటు చరిత్ర ఉన్న పెద్ద క్లబ్బుకి ఇస్తామన్నాడు కమిటీ సెక్రటరీ నిసార్ అహ్మద్. పోటీగా తహ్సీన్ అనే కాంట్రాక్టరు పెట్టిన రైసూత్ రాకెట్స్ ఉంది. వయసు రెండు నెలలు. అందరికీ ఒకే రంగు మేజోళ్ళు.

నిసార్ అహ్మద్ సాయంత్రం నాలుగింటికి ఇంటికొచ్చి చూస్తానన్నాడు.

"పెద్ద క్లబ్బంటే ఏంటండీ అసలు?" అంది జ్ఞానాంబ.

"చరిత్ర ఉండాలి."

"మా వార్డులో హిస్టరీ రాసేది జబ్బు చేసినవాళ్ళకేనండి."

"కప్పులుండాలి."

"అవున్లెండి, ఒకదానికి తల కూడా లేదు."

"ముందు నువ్వు బజ్జీలు వెయ్యి," అన్నాడు ఇమ్మానియేలు. ఇంటి యజమానికి చివరికి మిగిలే మాట అదే.

నాలుగింటికి సరిగ్గా నిసార్ అహ్మద్ గొడుగు మడుస్తూ వచ్చాడు. నిజామాబాదు మనిషి, బజారులో ఆటసామాన్ల దుకాణం. మాట తక్కువ. ఏదైనా చూస్తే చాలాసేపు చూస్తాడు. షోకేసును చాలాసేపు చూశాడు.

"మీ క్లబ్బు ఎప్పుడు పెట్టిండ్రు, ఇమ్మానియేల్ భాయ్?"

"ఎనభై తొమ్మిదిలో."

బజ్జీల పళ్ళెం తెస్తున్న జ్ఞానాంబ గుమ్మంలో ఆగింది. "అప్పుడు ఈయన ఏడో తరగతి."

"ఆలోచన అప్పటిది," అన్నాడు ఇమ్మానియేలు. "అమలు తర్వాత."

నిసార్ అహ్మద్ తలూపి టీ అందుకున్నాడు.

జూలైలో సలాలాలో గోడలకే చెమట పడుతుంది. ఉప్పు నీళ్ళవుతుంది. ఆరేసిన బట్ట మూడో రోజుకి కూడా అనుమానంగానే ఉంటుంది. ఆ జూలైలో ఇమ్మానియేలు కాగితాలకి జిగురు రాసి అతికించాడు. పంతొమ్మిదేళ్ళు ఈ ఊళ్ళో ఉన్న మనిషి చెయ్యాల్సిన పని కాదు.

మొదటి కాగితం కొసన వంకర తిరిగింది. ఇమ్మానియేలు చూశాడు. జ్ఞానాంబ చూసింది. నిసార్ అహ్మద్ బజ్జీ కొరికాడు. కాగితం మెల్లగా వంగి, ఆకు రాలినట్టు రాలింది.

కింద చెక్కి ఉంది: 'బైబిల్ క్విజ్, ద్వితీయ బహుమతి'.

"మొదట్లో క్లబ్బులో అన్నీ ఉండేవి," అన్నాడు ఇమ్మానియేలు.

రెండోది రాలింది. 'ఆరోగ్యవంతమైన శిశువుల పోటీ'.

"జూనియర్ టీము," అన్నాడు.

మూడోది రాలి నిసార్ అహ్మద్ టీలో పడింది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో తీసి సాసరు అంచున పెట్టి, లేచి పక్కనున్న షోకేసులోంచి ఆ కప్పును చేతిలోకి తీసుకున్నాడు. 'స్త్రీల చెంచా నిమ్మకాయ పరుగు. మా అమ్మీ జ్ఞాపకార్థం: నిసార్ అహ్మద్'.

"ఇది నేనే ఇచ్చిన," అన్నాడాయన.

ఇమ్మానియేలు నేలకేసి చూశాడు. మంచం కింద డిన్నర్ సెట్టు పక్కన మనిషి పట్టేంత చోటుంది. వయసు తక్కువైతే దూరేవాడే.

అంతలో తలుపు తట్టి పోచన్న వచ్చాడు. వీపు మీద మురికి చొక్కాల మూట. శుక్రవారం తెల్లవారుజామున ఆట, సాయంత్రం మూట తెచ్చి సిస్టరమ్మకి ఇవ్వడం. పదకొండేళ్ళ వాడుక.

"బయట పెట్టు పోచన్నా, తర్వాత చూద్దాం," అన్నాడు ఇమ్మానియేలు తొందరగా.

"బురద ఆరితే వదలదండీ," అని జ్ఞానాంబ మూట అందుకుని, అక్కడే విప్పి, ఒక్కో చొక్కా కాలరు తిరగేసి చూసుకుంటూ బకెట్లో వేయసాగింది.

నిసార్ అహ్మద్ పోచన్నని అడిగాడు. "మీరు ఎన్ని గెలిచిండ్రు?"

"ఒక్కటి గూడ లే సాబ్. ఇయ్యాల ఏడు పడ్డయ్."

ఇమ్మానియేలు కళ్ళు మూసుకున్నాడు.

"గీ చొక్కాలు నా దుకాణంలయే," అన్నాడు నిసార్ అహ్మద్, వంగి చూస్తూ. "సస్తా మాల్. రెండేండ్లు కూడ రావని చెప్పి అమ్మిన. కాలర్‌ల ఏం చూస్తున్నవమ్మా?"

"పేర్లండి. ఆస్పత్రిలో దుప్పట్లకి వార్డు పేరు దారంతో కుడతాం, ఉతుక్కి పోతే మారిపోకుండా. అదే అలవాటు. ఎవరి చొక్కాకి వాళ్ళ పేరు కుట్టాను. మనిషి దేశం పోతే చొక్కా ఇచ్చిపోతాడు కదా, తర్వాత వేసుకునేవాడి పేరు దాని కింద కుడతాను."

ఆయన ఒక చొక్కా తీసుకున్నాడు. నాలుగో నంబరు. కాలరు లోపల నీలం దారంతో ఐదు పేర్లు, ఒకదాని కింద ఒకటి. మూడో పేరు దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఎహసాన్."

"కళ్ళజోడు పెట్టుకుని ఆడేవాడండి. మీవాడా?"

"తమ్ముడు. నా దగ్గర మూడేండ్లుండె. శుక్రవారం శుక్రవారం యాడికి పోతున్నవ్‌రా అని మస్తు తిట్టేటోణ్ణి. చెప్పలే." చొక్కా మడత పెట్టబోయి ఆగాడు. "ఇంటికి పోయినంక కరోనాల పోయిండు. విమానాలు బంద్. నేను పోలేకపోయిన."

పోచన్న టోపీ తీశాడు.

"ఆయన తర్వాత ఇద్దరు వేసుకున్నారండి," అంది జ్ఞానాంబ. "పేరు తియ్యలేదు."

నిసార్ అహ్మద్ కూర్చున్నాడు. షోకేసులో ఇంకో కాగితం రాలింది. ఈసారి ఎవరూ చదవలేదు. ఆయన బకెట్లోంచి మరో చొక్కా, ఇంకో చొక్కా తీసి కాలర్లు తిప్పి చూశాడు. ఏడో నంబరులో తొమ్మిది మంది. తొమ్మిదో నంబరులో పేర్లు పట్టక రెండో వరస. అన్నీ చూశాక నిమ్మకాయ పరుగు కప్పును బల్ల మీద పెట్టాడు.

"కప్పులు నా దుకాణంల డజన్లకొద్ది ఉన్నయ్. ఎవలన్న కొనుక్కోవచ్చు. గెలవని జట్టుకు పదకొండేండ్లు మనిషి ఎనక మనిషి రావాలంటే కష్టం." జేబులోంచి ఫారం తీశాడు. "ఎనిమిదో చోటు రాసుకుంటున్న. గని అధ్యక్షుని పేరు మార్చాలె. ఎనభై తొమ్మిదిల ఏడో తరగతి చదివిన మనిషిని నేను రాయలేను."

జ్ఞానాంబ చేతులు తుడుచుకుని సంతకం పెట్టింది.

"మరి నేను?" అన్నాడు ఇమ్మానియేలు.

"మీరు డిన్నర్ సెట్టు లోపల పెట్టండి."

టోర్నమెంటులో గౌతమీ లయన్స్ మొదటి ఆటే ఆడింది, ఐదు గోల్స్ తేడాతో ఓడింది, ఇంటికొచ్చింది. ఆట మొదలయ్యే ముందు పోచన్న వల దగ్గరికెళ్ళి సెంట్రింగ్ చెక్కల్ని తట్టి చూసినట్టు తాళ్ళన్నీ పట్టి చూశాడు. మొదటి గోలు పడగానే అలవాటు కొద్దీ నాలుగడుగులు ఉరికి, ఆగి, వెనక్కి చూశాడు. బంతి వలలోనే ఉంది. ఎక్కడికీ పోలేదు. ఐదో గోలుకి వెనక్కి తిరిగి చూడకుండానే నవ్వాడు.

వెళ్ళే రోజు చొక్కా ఉతికి, ఆరక, తడిగానే తెచ్చి జ్ఞానాంబ చేతిలో పెట్టాడు. "పోయొస్త సిస్టరమ్మా," అన్నాడు. అలవాటు మాట, అంతే. ముగ్గురికీ తెలుసు.

శుక్రవారం ఇంకా తెల్లారకముందే జ్ఞానాంబ భర్తని లేపి ఒకటో నంబరు చొక్కా ఒళ్ళో పడేసింది.

"ఎవరికిది?"

"కాలరు చూడండి."

పదకొండేళ్ళుగా ఆ కాలరులో 'పోచన్న' అన్న పేరు ఒక్కటే ఉండేది. దాని కింద కొత్త దారంతో 'ఇమ్మానియేలు' అని ఉంది. గట్టి కుట్టు. విప్పితే గుడ్డ చిరుగుతుంది.

"నా మోకాలు..."

"ఎక్స్‌రే నేనే తీయించాను కదండీ. మీ మోకాలుకి ఏ చరిత్రా లేదు."

"అధ్యక్షుడు గోల్లో నిలబడతాడా ఎక్కడైనా?"

"అధ్యక్షురాలు చెబుతోంది, నిలబడండి."

చొక్కా పొట్ట దగ్గర పట్టేసింది. అరటి తోట గోడ పక్కన, రెండు రాళ్ళ మధ్య, తుంపరలో నిలబడ్డాడు. నాలుగో నిమిషంలో మొదటి గోలు అతని కాళ్ళ సందులోంచి పోయింది. అందరూ అతనికేసి చూశారు. ఎవరూ కదల్లేదు. వెనక వల లేదు. బంతి మంచులోకి దొర్లిపోయి ఎక్కడో ఆగింది.

ఇమ్మానియేలు తిరిగి, దాని కోసం పరుగెత్తాడు. మోకాలు కాస్తయినా నొప్పి పెట్టలేదు. అదే అతనికి ఎక్కువ బాధగా ఉంది.