పదకొండో బటన్

మంగళవారం నుంచి భూమేశ్ ఇల్లు, ఇంట్లో ఉన్న భార్య స్వరూపతో సహా, అతను పనిచేసే టీవీ ఛానెల్ మాస్టర్ కంట్రోల్ ప్యానెల్ మీద పదకొండో బటన్ కిందికి వచ్చింది.

"బటన్ ఖాళీగుండె, పెట్టినం. ఇగ నీకు ఇంటికి పోయొచ్చే తిప్పలు లేవు," అన్నాడు షిఫ్ట్ ఇన్‌చార్జి యాదగిరి. భూమేశ్ థాంక్స్ చెప్పాడు.

పని మామూలే. కింది వరుసలో బటన్ నొక్కితే ఆ బొమ్మ ప్రివ్యూ తెర మీదికి వచ్చి, కదలకుండా నిలబడుతుంది. 'టేక్' నొక్కితే ప్రసారంలోకి వెళ్తుంది, అప్పుడు కదులుతుంది. ప్రసారంలో లేనిది జరగదు, అంతే. లైవ్ తీసేయగానే వరద ఎక్కడిదక్కడ ఆగేది, ధర్నాలో ఎత్తిన పిడికిలి ఎత్తినట్టే ఉండేది. జనం ఎప్పుడో అలవాటు పడ్డారు.

ఇల్లు కూడా అంతే. డ్యూటీ దిగి వెళ్తే వీధి మలుపు దాకా దారి ఉంది, ఆ తర్వాత నల్లగా ఉంది. భూమేశ్ వెనక్కి వచ్చి క్యాంటీన్ బెంచీ మీద పడుకున్నాడు. ఉద్యోగం పురుష లక్షణమన్నారు పెద్దలు. ఇల్లు ఎవరి లక్షణమో చెప్పలేదు.

యాడ్స్‌కీ వార్తలకీ మధ్య కాస్త సందు దొరికితే ఇంటిని వేసేవాడు. ఆ కాసేపట్లో పాలు పొంగేవి, స్వరూప ఒక గిన్నె కడిగేది. ఒకరోజు ఆమె బయటికి వెళ్లే చీర కట్టుకుని, కాళ్ల దగ్గర బ్యాగు పెట్టుకుని, తెరలోంచి నేరుగా అతని వైపు తిరిగింది.

"ఇగో, ఇంటున్నరా? నేను ఇగ..."

అని ఊపిరి తీసుకుంది. మాట ఆగిందంటే బైట్, అంటే తెర మీద మనిషి చెప్పే ముక్క, అయిపోయినట్టే. అతని వేలికి ఏళ్ల తరబడి అదే అలవాటు. కట్ చేసేశాడు. తెర మీదికి సబ్బు ప్రకటన వచ్చింది.

ఆమె ప్రివ్యూలో నోరు తెరిచి నిలబడిపోయింది. 'ఇగ' తర్వాత ఏముందో ఊహించడానికి భూమేశ్‌కు భయమేసింది. ఇంత మందిని చూపించే గదిలో తనంత ఒంటరివాడు లేడనిపించింది.

ఓ మధ్యాహ్నం స్పాన్సర్ ప్రోగ్రాం రద్దయింది.

"చానా టైముంది, మీ ఇల్లు ఏస్కో," అన్నాడు యాదగిరి.

భూమేశ్ పదకొండు నొక్కి, 'టేక్' మీద వేలు పెట్టాడు. నొక్కితే ఆమె మాట పూర్తవుతుంది. పూర్తయితే, బ్యాగు తీసుకుని వెళ్లిపోవచ్చు కూడా. వేలు తీసేసి ఛానెల్ లోగో వేశాడు.

"సౌండ్ సరిగ్గ లేదు సార్."

యాదగిరి మీటర్ చూశాడు. సౌండ్ బాగానే ఉంది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"మాది తొమ్మిదో బటన్. మా బిడ్డ కేకు ముంగట ఒంగి నిలవడ్డది. ఊదితే పెద్దదైతది గద! నేనూ ఏస్తలేను."

"ఎప్పటి సంది సార్?"

"యాదికి లేదు."

ఇద్దరూ చాయ్ తాగారు. యాదగిరి లేచి వెళ్లాక, ప్రివ్యూలో స్వరూప మొహం సరిగ్గా కనబడడం లేదని భూమేశ్ తెర వెలుతురు పెంచాడు. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. మళ్లీ తగ్గించాడు.