పుట్టగొడుగుల మడి, పన్నెండు గుంటలు

"విత్తనం వచ్చింది!"

వీధి గుమ్మంలోంచి లెక్కల టీచరు వేసిన కేకకి, ముందు గదిలో పేపరు చదువుతున్న ఆమె తండ్రి కళ్లజోడు నుదుటి మీదికి తోశారు.

"పెత్తనమా? కొత్తగా రావడమేమిటమ్మడూ, ఈ ఇంట్లో అది మొదట్నుంచీ నీ దగ్గరే ఉందిగా!"

"ఎవరికొచ్చింది పెత్తనం?" అంటూ టీచరు ఆడపడుచు కుట్టుమిషను వదిలి, నోట్లో గుండుసూదులతోనే పరుగెత్తుకొచ్చింది. పెరట్లో పళ్లు తోముకుంటున్న వడ్రంగి మేస్త్రీ మాత్రం కదల్లేదు. పెత్తనం ఎవరికొచ్చినా పని తనకే వస్తుందని టీచరు మొగుడిగా అతనికి ఇరవై రెండేళ్ల అనుభవం.

"పెత్తనం కాదు నాన్నా, విత్తనం! పుట్టగొడుగుల విత్తనం!" అని టీచరు సంచి విప్పింది. లోపల రంపపు పొట్టు, దాన్నిండా తెల్లటి నూలుపోగుల్లాంటి బూజు.

"బూజు తెప్పించుకున్నావా? అడిగితే నా గదిలోంచి ఇచ్చేవాణ్ణిగా!" అన్నారు ఆమె తండ్రి, అంటే మేస్త్రీ మామగారు.

టీచరు ఓపిగ్గా పాఠం చెప్పింది. ఇవి చెక్కని తిని బతికే రకం. పెరట్లో నీడ చూసి చెక్క తుక్కు పరచాలి. తడిపి, మధ్యలో ఈ విత్తనం చల్లి, పైన ఎండుగడ్డి వేసి, తేమ పోకుండా తడి అట్టలు కప్పాలి. నాలుగు నెలలు ఓపిక పడితే అరచేతులంత ముదురెరుపు టోపీలతో పైకి లేస్తాయి.

"చెక్క మీద బతికే ప్రాణిని ఈ ఇంట్లో నేనొక్కణ్ణే అనుకున్నాను," అన్నాడు మేస్త్రీ.

"అందుకే మిమ్మల్ని అడుగుతున్నానండీ. మంచి చెక్క తుక్కు పన్నెండు సంచులు కావాలి."

ఇది సరదాకి వేసే మడి కాదు. పోయినేడు తోటల సంఘం సమావేశంలో అధ్యక్షురాలు నలభై మంది ముందు, "టీచరుగారి పెరడు పేరుకే పెరడు, ఆ నీడలో నాచు తప్ప ఏమీ పెరగదు," అనేసింది. టీచరుకి రోషం వచ్చింది. రోషం వస్తే ఆమె లెక్కలు చూసుకోదు. "వచ్చే ఏడు ఆ నీడలోనే పంట చూపిస్తాను. చూపించలేకపోతే సంఘం వదిలేస్తాను," అనేసింది. పద్నాలుగేళ్ల ఆదివారాలు పోసి పెంచుకున్న సంఘం. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆమెకి రాదు. తీసివేతలు పిల్లలకి నేర్పుతుందిగాని, తన మాటల్లో ఏదీ తీసివేయదు.

ఇక్కడ ఈ ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ఈ ఇంట్లో అందరూ సాయం చేసేవాళ్లే, చేశామని చెప్పేవాళ్లు మాత్రం లేరు. టీచరు పొయ్యి మీద టీ పెట్టి పక్కకి తిరిగితే, ఒకరు వచ్చి చక్కెర వేస్తారు. రెండోవారు వేయలేదనుకుని మళ్లీ వేస్తారు. మూడోవారు రుచి చూసి, అయ్యో తీపెక్కువైందని చెంబుడు నీళ్లు పోస్తారు. చివరికి అది టీ కాదు, ముగ్గురి మంచితనం.

అలా మడి పడింది. పెరటి గోడవార ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. మేస్త్రీ పన్నెండు సంచులు మోశాడు, అతని చెల్లెలు గడ్డి పరిచింది, మామగారు కుర్చీలో కూర్చుని ఎక్కడ తప్పు చేస్తున్నారో చెప్పారు. టీచరు పైన అట్టలు కప్పి, చేతులు కడుక్కుని, నోటుపుస్తకంలో తేదీ రాసుకుంది.

నాలుగు నెలలు గడిచాయి. మడి మడిలాగే ఉంది.

ఒక బుధవారం పొద్దున్న అధ్యక్షురాలు ఫోను చేసింది. ఆదివారం సంఘం సభ్యులతో వస్తున్నానంది. టీచరు ఫోను పెట్టేసి, టీ గ్లాసుల మధ్య కూర్చుని, విత్తనంతో వచ్చిన చిన్న పుస్తకం తీసి పైకి చదివింది.

"చెక్కకి ఏ రకమైన మందూ తగిలి ఉండకూడదు."

మేస్త్రీకి టీ పొలమారింది.

"సున్నం సోకకూడదు."

మామగారు పేపరు మడతపెట్టి, దాన్నే మళ్లీ మడతపెట్టారు.

"పైన కప్పిన అట్టలు తీయకూడదు."

కుట్టుమిషను టక్కున ఆగింది.

మిగతా ఇద్దరి సంగతి మేస్త్రీ గమనించలేదు. అతని కళ్ల ముందు పన్నెండు సంచులే తిరుగుతున్నాయి. అతని కొట్లోంచి చెక్క ఏదైనా సరే, చెదలమందు పట్టకుండా గడప దాటదు. అది అతని వృత్తి ధర్మం. మంచి చెక్క అని భార్య అడిగితే, పరాయివాళ్లకి ఒక పూత పట్టించే మందు సొంత ఇంటికని ప్రేమగా రెండు పూతలు పట్టించాడు. చెదలు రాకుండా, బూజు పట్టకుండా, పాతికేళ్లు చెక్కుచెదరకుండా ఉండే తుక్కు! బూజుని పెంచుకుంటానన్న భార్యకి బూజు పట్టని చెక్క తెచ్చిచ్చిన మొగుడు తనే.

చెప్పేస్తే పోయేది. కానీ ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పడం రాదు, చెక్కడం వచ్చు. కొట్టుకి వెళ్లి, మిగులు ముక్కలు ఏరి, సాయంత్రందాకా ఐదు పుట్టగొడుగులు చెక్కాడు. ముదురెరుపు రంగు వేసి, కాడలకి తెల్లరంగు పూసి, పాలిష్ పెట్టాడు. కనీసం ఆదివారం దాకా ఆవిడ ముఖం వాడకుండా ఉంటుంది. ఇవీ వాడవు.

గురువారం తెల్లవారుతుండగా పిల్లిలా పెరట్లోకి దిగి, మడికి కుడి చివర ఐదూ గుచ్చి, గడ్డి సర్ది వెనక్కి తిరిగాడు. ఎదురుగా మామగారు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ఉన్నారు.

"ఏంటల్లుడూ, ఇంత పొద్దున్నే?"

"గాలి కోసం మామయ్యగారూ. మరి మీరు?"

"నేనూ గాలి కోసమే."

ఇద్దరూ కాసేపు గాలి కోసం చూశారు. ఆ పొద్దున ఆకు కూడా కదల్లేదు.

ఏడింటికి పెరట్లోంచి టీచరు కేక వినిపించింది. "ఏమండీ! వచ్చాయి! ఎనిమిది!"

మేస్త్రీ చొక్కా గుండీ ఒకటి ఎక్కువ పెట్టుకున్నాడు. ఎనిమిదా? పెట్టింది ఐదు. అతను లెక్కల టీచరు కాకపోయినా లెక్కల టీచరు మొగుడు. ఐదు ఎనిమిది ఎలా అవుతుంది?

పరుగున వెళ్లాడు. నిజమే, ఎడమవైపు ఇంకో మూడు. దగ్గరికి వెళ్లబోతే టీచరు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవరూ ముట్టుకోకండి. మూడడుగుల దూరంలో నిలబడి చూడండి. చేతి వేడి తగిలితే ముడుచుకుపోతాయి."

అందరూ మూడడుగుల దూరంలో వరసగా నిలబడ్డారు.

"కుడివైపు ఆ నునుపు చూడమ్మడూ," అన్నారు మామగారు గద్గదంగా. "దేవుడు కాక ఇంకెవడు తేగలడు ఆ నునుపు!"

మేస్త్రీ ఛాతీ పొంగింది. మనిషి చెక్కితే ఎంత చక్కగా ఉన్నా చెక్కేగా అని ఊరుకునే మామగారు, ఇరవై రెండేళ్లలో మొదటిసారి మెచ్చుకున్నారు. కాకపోతే పేరు దేవుడికి పోయింది. అతనూ మర్యాదకి, "ఎడమవైపు మూడూ ఏం తక్కువండీ? ఆ ఒంపు, ఆ అంచు! మనిషి చేతికి వచ్చేది కాదు," అన్నాడు. మామగారు దగ్గి, చెమ్మగిల్లిన కళ్లు తుడుచుకున్నారు.

ఆ రోజంతా మేస్త్రీకి రంపం ఒకవైపు, మనసు ఒకవైపు పోయాయి. మందు పట్టించినా మొలిచాయంటే మందు కల్తీదా? లేక తన కొయ్య పుట్టగొడుగుల్ని చూసి, మన వాళ్లేగదా అని నిజంవి ధైర్యం చేసి లేచాయా? మందు అమ్మినవాణ్ణి తిట్టాలో, దండం పెట్టాలో తేలలేదు.

శుక్రవారం పొద్దున్న పన్నెండు అయ్యాయి. మధ్యలో కొత్తగా నాలుగు, బొద్దుగా, మెత్తగా, చంటిపిల్లల బుగ్గల్లా. పుట్టగొడుగులు పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్నాయి!

"అన్నయ్యా, అన్నీ ఒకలా లేవేంటి?" అని చెల్లెలు నెమ్మదిగా అడిగింది.

"అన్నాచెల్లెళ్లం మనమిద్దరం ఒకలా ఉన్నామా?" అన్నాడు మేస్త్రీ. తనకి తెలియని ప్రశ్నలన్నిటికీ అతను ఇలాగే గట్టిగా జవాబు చెబుతాడు.

టీచరు మాత్రం నోటుపుస్తకంలో తేదీ వేసి, పన్నెండు అని రాసి, కింద గీత గీసింది.

శనివారం భోజనాల దగ్గర బాంబు పేల్చింది. "రేపు అధ్యక్షురాలి ముందే పన్నెండూ కోసి, ఆవిడ ముందే వండి, ఆవిడకే వడ్డిస్తాను."

మూడు ముద్దలు మూడు నోళ్ల దగ్గర ఆగాయి.

మేస్త్రీ తన ముద్ద కంచంలో పెట్టి ఆలోచించాడు. తన ఐదింటి మీద కత్తి పడితే పుట్టగొడుగు తెగదు, కత్తి విరుగుతుంది. కత్తితోపాటు భార్య పరువు కూడా. అయినా ఇప్పుడు వాటి అవసరమేముంది? నిజంవి ఏడు ఉన్నాయిగా! తనవి తీసేస్తే సరి.

ఆదివారం తెల్లవారుతుండగానే వెళ్లి, కుడి చివర తను గుచ్చినచోట ఐదూ లాగి, సంచీలో వేసుకుని, అటూ ఇటూ చూడకుండా లోపలికి వచ్చేశాడు. వస్తుంటే వంటింటి గుమ్మంలో చెల్లెలు తగిలింది.

"గాలి కోసమా?" అన్నాడు.

"అవునన్నయ్యా."

ఈ ఇంట్లో గాలికి ఇంత గిరాకీ ఉందని అతనికి అప్పటిదాకా తెలియదు.

తొమ్మిదింటికి అధ్యక్షురాలు పదకొండుమంది సభ్యులతో వచ్చింది. భూతద్దం తెచ్చుకుంది. టీచరు వాళ్లని పెరట్లోకి తీసుకెళ్లి పక్కకి జరిగింది. అందరూ మడి మీదికి వంగారు.

మడిలో పన్నెండు గుంటలున్నాయి. పుట్టగొడుగు ఒక్కటి లేదు.

మేస్త్రీ కళ్లు నులుముకున్నాడు. ఐదు తీస్తే ఏడు మిగలాలి. పన్నెండులోంచి ఐదు పోతే సున్నా అయ్యే లెక్క ఏ బడిలో చెబుతారు? మామగారి వైపు చూశాడు. ఆయన నోరు తెరుచుకుని మడి ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి చూస్తున్నారు. చెల్లెలు వేళ్ల మీద ఏదో లెక్కపెడుతోంది.

"టీచరుగారూ," అంది అధ్యక్షురాలు భూతద్దం మూసి, "పుట్టలైతే కనిపిస్తున్నాయి. గొడుగులేవీ?"

సభ్యులు నవ్వారు. ఆ నవ్వు మేస్త్రీ గుండెలో మేకులా దిగింది. మరి ఆగలేకపోయాడు. "ఆవిడ తప్పేం లేదండీ! పాడుచేసింది నేను!" అని లోపలికి పరుగెత్తి, సంచీ తెచ్చి అధ్యక్షురాలి ముందు బోర్లించాడు. కొయ్య పుట్టగొడుగులు టకటకా దొర్లాయి. "చెక్కకి చెదలమందు పట్టించాను. ఏమీ మొలవవని ఇవి చెక్కి పెట్టాను. నిజంవి వచ్చాయి కదా అని తెల్లవారుజామున తీసేశాను. ఆ నిజంవి ఏమయ్యాయో నాకు తెలీదు!"

"ఆ ఐదూ నిజంవి కావూ!" మామగారు అదిరిపడ్డారు. ఒకప్పుడు ఇళ్ల పైకప్పులకి ప్లాస్టరు పువ్వులు తీర్చిన మనిషి. చెమ్మ వాసన వస్తే సున్నం చల్లకుండా ఆయన చెయ్యి ఊరుకోదు. "రెండు నెలల క్రితం మడంతా సున్నం చల్లింది నేనల్లుడూ. ప్లాస్టరుతో మూడు చేసి పెట్టాను. నీ ఐదూ నిజమనుకుని, పొద్దున కళ్లజోడు లేకుండానే వెళ్లి నావి తీసేశాను." లాల్చీ జేబులోంచి మూడూ తీశారు.

అందరి తలలూ చెల్లెలి వైపు తిరిగాయి. ఆమె నోట్లోని గుండుసూదులు ఒక్కొక్కటే తీసి జాకెట్టుకి గుచ్చుకుంది.

"అట్ట కనిపిస్తే నా చెయ్యి ఆగదు వదినా. మూడు అట్టలూ చొక్కా చేతులకీ మెడలకీ నమూనాలు కత్తిరించేశాను. నాలుగు గుడ్డ పుట్టగొడుగులు కుట్టి పెట్టాను. పొద్దున చూస్తే నావి కాక ఇంకా మూడో నాలుగో ఉన్నాయి, అవి చాలనుకుని నావి తీసేశాను..."

అధ్యక్షురాలు ఒక చేత్తో కొయ్యది, ఇంకో చేత్తో గుడ్డది పట్టుకుని, రెండింటినీ మార్చి మార్చి చూసింది. "నాకేమీ అర్థం కావడం లేదు. అసలు ఇక్కడ విత్తనం వేశారా?"

"వేశానండీ, పిడికెడు," అంది టీచరు. ఇందాకటి నుంచీ ఆవిడ ముఖంలో ఒక్క గీత మారలేదు. "మిగతాది వేరే మడిలో వేశాను. ఇరవై రెండేళ్లుగా ఈ ఇంట్లో టీ పెడుతున్నాను. వీళ్ల సంగతి నాకు తెలియదా? అందుకే రెండు మడులు. ఇది వీళ్ల సాయానికి, అది పుట్టగొడుగులకి."

"మరి నువ్వు ఎనిమిది, పన్నెండు అని లెక్కపెట్టావు?" అన్నాడు మేస్త్రీ.

"ముగ్గురూ అంత కష్టపడి పెట్టారు. లెక్కైనా పెట్టకపోతే బాగుంటుందా? తాకనిస్తే గుట్టు తెలిసిపోతుందని దూరంగా నిలబెట్టాను."

"కోసి వండుతానన్నావే!"

"ఎవరైనా నోరు విప్పి చెబుతారేమో చూద్దామనుకున్నాను. గాలికి పోయారు."

అని సభ్యుల్ని వెంటబెట్టుకుని ఇంటి పక్క సందులోంచి నడిచింది. సందు చివర దొడ్డి తలుపు. ఆరేళ్లుగా ఒక్క బందు మీద వేలాడుతోంది. టీచరు దాన్ని ఎత్తి పట్టుకుని పక్కకి జరిపింది.

తలుపు వెనక నీడలో, రోడ్డు పక్క కొమ్మలు నరికినవాళ్ల దగ్గర తెచ్చుకున్న పచ్చి చెక్క తుక్కు మీద, ముదురెరుపు టోపీలు గుంపులు గుంపులుగా లేచి ఉన్నాయి. అధ్యక్షురాలు భూతద్దం తెరిచింది. వంగి వాసన చూసింది. వేలితో ఒకదాన్ని మీటింది. అది మెత్తగా ఊగింది.

"నాచు తప్ప పెరగదన్న మాట..." అని ఆగి, గొంతు సవరించుకుంది. "వెనక్కి తీసుకుంటున్నాను."

"నలభై మంది ముందు అన్నారు. ఇక్కడ నాతో కలిపి పన్నెండుమందే ఉన్నారు," అంది టీచరు. "మిగతా ఇరవై ఎనిమిది మందికీ వచ్చే సమావేశంలో చెబుదురుగాని."

మేస్త్రీ ఆ మడి వంకా తలుపు వంకా చూస్తూ నిలబడిపోయాడు. "ఇక్కడ ఎప్పుడు వేశావు? మాకెవ్వరికీ కనపడలేదే!"

"తలుపు బాగు చేయమంటానని మీరు ఆరేళ్లుగా ఈ సందులోకి రాలేదు. మిమ్మల్ని అడగమంటానని నాన్నా రాలేదు, మీ చెల్లీ రాలేదు. ఇంట్లో ఇంతకన్నా భద్రమైన చోటు నాకు దొరకలేదు."

సభ్యులు ఈసారి టీచరు పక్షాన నవ్వారు. వెళ్తూ వెళ్తూ అధ్యక్షురాలు ఒక కొయ్య పుట్టగొడుగు అడిగి తీసుకుంది. మామగారు తన మూడింటినీ కూడా చేతిలో పెట్టబోతే, ఒకటి చాలంది.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ సిగ్గుతో స్నానం కూడా మానేసి, కొత్త బందులూ మరలూ పట్టుకుని దొడ్డి తలుపు దగ్గరికి బయల్దేరాడు. టీచరు సందు మొదట్లో చేతులు చాచి అడ్డంగా నిలబడింది. "దాన్ని ముట్టుకున్నారంటే ఊరుకోను. అది బాగుపడితే మీరందరూ అటు వస్తారు."

ఆరేళ్లు బద్ధకంతో వేలాడిన తలుపు ఆ రోజు నుంచి అనుమతితో వేలాడుతోంది.