పెట్టెకు పడ్డ దండలు

విశ్వకర్మ పూజ రోజు పొద్దున్నే శ్రీరంగం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భార్య కంటే ముందే తయారై గుమ్మంలో నిలబడ్డాడు. బస్తరులోని ఆ ఇనుప గని టౌన్‌షిప్‌లో ఇంటివాళ్ళను ఆఫీసు లోపలికి రానిచ్చేది ఏడాదికి ఈ ఒక్కరోజే. యంత్రాలకు పూజ, ఇంటివాళ్ళకు దర్శనం, అందరికీ బూందీ.

"ఇవాళైనా దాన్ని చూపిస్తారా, లేక మళ్ళీ ఏదైనా సాకా?" అంది జ్ఞానప్రసూన జడలో పూలు తురుముకుంటూ.

దాన్ని అంటే ఆఫీసులోని స్టోరేజీ పెట్టె. నిలువెత్తు ఇనుప బీరువా, నిండా డిస్కులు. జీతాలు, హాజరు, ఆసుపత్రి రిపోర్టులు, గని సంగతులన్నీ అందులోనే. దాన్ని కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. పెట్టెకు కాస్త ఒళ్ళు వెచ్చబడితే చాలు, శ్రీరంగం ఫోను మోగిస్తుంది. అన్నం కలిపిన చెయ్యి కడుక్కుని పరుగెత్తిన రోజులెన్నో! "నాకూ దానికీ ఎవరు ముందో ఒకసారి చెప్పండి" అని ఆమె పోయినవారం అడిగింది, నవ్వకుండా. ఆ నవ్వకపోవడమే శ్రీరంగాన్ని భయపెట్టింది. కళ్ళారా చూస్తే కోపం పోతుందని పాపం అతని ఆశ.

ఇక్కడ ఇతను గుమ్మంలో నిలబడి ఉండగానే అక్కడ కొంప మునగడం మొదలైంది. పెట్టె గది తుడిచే సోమక్కది కోంట వైపు పల్లె. లోడర్లకు, డంపర్లకు దండలుపడి, దీనికొక్కదానికే లేకపోవడం చూసి ఆమె ప్రాణం చివుక్కుమంది. "రాత్రనక పగలనక పన్జేస్తది, దీనికేంది పూజ లేదు?" అని ఒక బంతిపూల దండ వేసి బొట్టు పెట్టింది. అది చూసి జీతాల విభాగం ఒకటి తెచ్చింది. ఆసుపత్రివాళ్ళు ఊరుకుంటారా? ఇంకా పెద్దది తెచ్చారు. గంటలో పెట్టె ముందువైపు జల్లెడంతా పూలతో మూసుకుపోయింది. చల్లగాలి పీల్చుకునేది ఆ జల్లెడలోంచే.

సాఫ్ట్‌వేర్ శ్రీరంగానికి కబురు పెట్టింది. అప్పటికే అతను గేటు దగ్గరికి చేరి, ఫోను అక్కడి డబ్బాలో వేశాడు. పూజరోజు పెద్దాఫీసరు తప్ప అందరూ ఫోన్లు అక్కడే వదలాలి. జవాబు లేకపోయేసరికి అది పెద్దాఫీసరు ఈశ్వరరావుకు చెప్పింది. కొబ్బరికాయ కొట్టబోతున్న ఈశ్వరరావు "వేడి హద్దు దాటింది" అన్న ముక్క చూసి, "మంటలు!" అని కేకపెట్టి, కాయ చేతిలో ఉండగానే పరుగందుకున్నాడు. ఫైరింజను మెడలో దండతోనే వచ్చింది. దాన్ని చూసి సగంమంది గేటువైపు, జీతాలు కాలిపోతున్నాయని విన్న సగంమంది ఆఫీసువైపు పరుగెత్తారు.

ఇంతలో పెట్టె తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయింది. గేటు కార్డుల వివరాలూ దానిలోనే కదా, గేట్లూ ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే మొదటి గేటు దాటి, రెండోది దాటని ఆలుమగలిద్దరూ మధ్య కటకటాల్లో ఇరుక్కున్నారు.

"సాబ్, కార్డు నడుస్తలేదు" అన్నాడు లోపలున్న కాపలావాడు భీమా. "తాళంచెవి బడా సాబ్ తీస్కపోయిండు."

"పోన్లెండి, ఇంతసేపు నా పక్కన ఎప్పుడు నిలబడ్డారు గనక!" అని జ్ఞానప్రసూన మురిసిపోయింది. తీరా చూస్తే మొగుడు "పెట్టె ఆగిపోయింది!" అంటూ కటకటాలు పట్టుకుని ఊపేస్తున్నాడు.

"అందులో ఏముందండీ అంత?"

"కాశయ్య ఉన్నాడు. డంపరు కింద కాలు పోగొట్టుకున్నాడే, అతను. నిన్ననే రిపోర్టులన్నీ ఎక్కించారు. అవి పోతే పింఛను కోసం మళ్ళీ రాయపూర్‌దాకా తిరగాలి, ఒంటికాలితో."

"మరి ఇంట్లో ఒక్కనాడైనా చెప్పారా?"

"డిస్కుల సంగతంటే నిద్రొస్తుందన్నావుగా."

"డిస్కుల సంగతికి నిద్రొస్తుంది. కాశయ్య సంగతికి వస్తుందా? అయ్యో రామ! ఎక్కండి!" పట్టుచీర కొంగు బిగించి వంగింది.

"నీ మీదా?"

"కటకటాల మీద. నా భుజం మీంచి. చెప్పులిప్పండి."

ఎక్కాడు. దిగేటప్పుడు ప్యాంటు చిరిగింది. భీమా పట్టుకున్నాడు కనుక తక్కినవన్నీ దక్కాయి.

పెట్టె గదిలో ఫైరువాళ్ళు గొట్టం ఎత్తి సిద్ధంగా ఉన్నారు. పొగ ఎక్కడా లేదు. అయినా "కొట్టండి!" అన్నాడు ఈశ్వరరావు. శ్రీరంగం పెట్టెకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. నీళ్ళన్నీ అతని రొమ్ముకే తగిలాయి. గొట్టం ఆపించి, ఒక్కొక్క దండా తీశాడు.

"దండేస్తే కోపం జేసె! ఏం దేవుడు సారూ!" అని సోమక్క ఏడ్చింది.

"కోపం కాదు సోమక్కా, ఊపిరాడలేదంతే. నువ్వు పెట్టిన బొట్టు ఉండనీ."

పెట్టె చల్లబడి, పచ్చదీపాలు ఒకటొకటిగా వెలిగాయి. గేట్లు తెరుచుకున్నాయి. జ్ఞానప్రసూన వచ్చి, తడిసిన మొగుణ్ణి చూసి, పెట్టె మీద అరచెయ్యి ఆనించింది. "కాశయ్య ఉన్నాడా?"

"ఉన్నాడు."

ఆమెకు కళ్ళు చెమర్చాయి. కొంగుతో అతని తల తుడిచింది, ఈశ్వరరావు చూస్తున్నాడని కూడా చూడకుండా. శ్రీరంగం గుండె నిండిపోయింది. అంతటితో నోరు మూసుకుంటే బాగుండేది.

"పాతవాటికి భయం లేదులే. జగదల్‌పూర్‌లో రెండోది ఉంది, అన్నీ అందులో ఇంకోసారి దాస్తాం. నిన్నటివే ఇంకా అటు పోలేదు."

తుడుస్తున్న చెయ్యి ఆగింది. "రెండోదా? ఎన్నాళ్ళనుంచి?"

"మన పెళ్ళికి ముందునుంచే."

జ్ఞానప్రసూన ఆ సాయంత్రమే ఆదివారం జగదల్‌పూర్ బస్సులో రెండు సీట్లు చెప్పించింది.