ముఖం సరిపోలలేదు

మనిషిని మనిషి గుర్తుపట్టే పాడు అలవాటు లోకంలోంచి మెల్లగా వదిలిపోతోంది. నన్నడిగితే ఈ కాలంలో జరిగిన మేళ్లన్నిటిలోకీ పెద్ద మేలు ఇదే. ఇన్నేళ్లుగా మన కొంప ముంచింది ఆ అలవాటే కదండీ!

మీరే చెప్పండి. బస్సులో మనల్ని గుర్తుపట్టినవాడు ఏం చేస్తాడు? పక్కకు జరిగి చోటిచ్చి, దిగేదాకా తన మోకాళ్ల నొప్పుల గురించి చెబుతాడు. గుర్తుపట్టిన కొట్టువాడు వాడిపోయిన కూరగాయలు మనకే అంటగడతాడు, తెలిసినవాళ్లు ఏమీ అనుకోరని. ఇక గుర్తుపట్టిన బంధువు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏమిటిలా చిక్కిపోయావని మొదలుపెట్టి ఏమిటిలా ఒళ్లు చేశావని ముగిస్తాడు, రెండూ ఒక్క పూటలోనే.

ఇప్పుడా బెడద తీరింది. గుర్తుపట్టే పనిని ఫోనుకు అప్పగించేశాం. దాని ముందు మొహం పెడితే అది ఒక గుండ్రటి గీత గీసి, కాసేపు ఆలోచించి, నువ్వు నువ్వేనని తేల్చి చెబుతుంది. తేల్చలేదనుకోండి, నువ్వు నువ్వు కాదు. మొహమాటం లేదు, సిఫార్సు లేదు, కాఫీ పోస్తే మెత్తబడటం లేదు. ఇంతటి నిష్పక్షపాతం మీ మేనమామలో ఎప్పుడైనా చూశారా?

నమ్మకం కుదరకపోతే మా కింది వాటాలో అద్దెకుండే కాజాల అమ్మాయి సంగతి చెబుతాను, వినండి.

ఆ అమ్మాయి రెడీమేడ్ చొక్కాలు కుట్టే షెడ్డులో కాజాలు కుడుతుంది. బొత్తానికి తగ్గట్టు కాజా ఉండాలి. పోగు తేడా వచ్చినా చొక్కా వెనక్కి వస్తుంది. కాబట్టి సరిపోలడం, సరిపోలకపోవడం అనే విషయాలు ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. భర్త నీళ్ల క్యాన్ల వ్యాను నడుపుతాడు. ఇంట్లో అత్తగారు ఉంది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

పోయినసారి ఏడో నెలలో బీపీ పెరిగి బిడ్డ దక్కలేదు. అందుకని ఈసారి కడుపుతో ఉందని తెలియగానే డాక్టరమ్మ ఆమెను రిస్క్ కేసుల్లో చేర్చి, పౌష్టికాహారం ఇచ్చే సెంటర్‌కు పంపింది. కడుపునిండా తిను, నెలనెలా వచ్చి నాకు కనబడు, ఈ బిడ్డను దక్కించుకుందాం అని భుజం తట్టింది. ఆ మాట పట్టుకునే ఆ ఇల్లు నడుస్తోంది.

సెంటర్ అంటే మూతపడిన టైపు ఇన్‌స్టిట్యూట్ గది. మిణుకు మిణుకుమనే ట్యూబ్‌లైటు, ఒక బల్ల, ఒక ఇనప బీరువా. బీరువాలో పాలపొడి, పల్లీలు, ఖర్జూరాలు, పప్పు. బల్ల కింద ట్రేలలో గుడ్లు. తాళంచెవి అక్కడ పనిచేసే సెంటరక్క దగ్గర ఉంటుంది గానీ అసలు తాళం ఆవిడ చేతిలోని ఫోన్లో ఉంది. మొహం కుదిరితేనే బీరువా తెరవాలి.

ఎందుకింత కట్టుదిట్టం అంటారా? భలేవారే! పక్కింటావిడ కడుపు అద్దెకు తెచ్చుకుని, దాన్ని మోసుకుంటూ వచ్చి, క్యూలో గంటలు గంటలు నిలబడి, ఖర్జూరాలు కొట్టేసే ముఠాలు ఎన్ని తిరుగుతున్నాయో మీకేం తెలుసు!

కాజాల అమ్మాయి పేరు రాసుకున్న రోజున ఫోను ఆమె ఫోటో కూడా తీసుకుంది. అప్పుడామె వేవిళ్లతో పీక్కుపోయి ఉంది. బుగ్గలు లోపలికి పోయి, కళ్లు గుంటలు పడి, మంచినీళ్లు కూడా ఇమడని రోజులవి. ఆ మొహాన్నే ఫోను ఆమె అసలు మొహంగా గుర్తుపెట్టుకుంది.

కొన్ని నెలలు సాఫీగా జరిగింది. ఆమె నిలబడటం, ఆకుపచ్చ టిక్కు రావడం, చిన్న గంట మోగడం, సంచి నిండటం. ఇంటికొచ్చి గుడ్డు ఒలుచుకుంటూ కడుపు మీద చెయ్యి వేసుకునేది. ఇది నీదే, నేను ఊరికే నములుతున్నాను అని లోపలి మనిషికి చెప్పుకునేదట. అత్తగారికి ఒకటి పెట్టబోతే, నా మనవడి నోటి దగ్గరది నాకు పెడతావా అని ఆవిడ కసిరేసేది.

అంతలో ఏడో నెల వచ్చింది. పోయినసారి చెయ్యి జారిపోయిన నెల. ఇది గట్టెక్కితే చాలని ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని ఉంది. సరిగ్గా అప్పుడు ఫోను ఎర్రగా వెలిగి, ముఖం సరిపోలలేదు అంది.

సెంటరక్కకు ఆ అమ్మాయి తెలియకపోవడమేమిటి? అత్తగారి నడుం నొప్పి తగ్గిందా అని అడుగుతూనే ఫోను పైకెత్తింది. ఎర్రలైటు చూసి నొచ్చుకుంది. జుట్టు వెనక్కి కట్టమంది. వెలుతురు చాలదేమోనని బయట ఎండలోకి తీసుకెళ్లింది. కళ్లు పెద్దవి చెయ్యమంది. ఎంత పెద్దవి చేసినా ఆ అమ్మాయి రెప్పలు బరువుగా వాలిపోతున్నాయి. నవ్వమంది, నవ్వొద్దంది. క్యూలో ఉన్న ఒకావిడ బుర్ర గోక్కుని, ఫోటోలోలాగా రావాలంటే వేవిళ్ల రోజులు తలుచుకోమని సలహా ఇచ్చింది. పిచ్చిపిల్ల, అదీ చేసింది. బుగ్గలు లోపలికి పీల్చుకుని కూడా నిలబడింది.

"నాకు తెలుసే నువ్వేనని. దీనికి తెలియొద్దూ?" అంది సెంటరక్క, ఫోను చూపిస్తూ.

పై మేడమ్‌కు కాల్ చేసింది. మేడమ్ చాలా మర్యాదస్తురాలు. నువ్వు చెబితే నేను నమ్ముతాను గానీ సిస్టమ్ నమ్మాలి కదా అంది. ఇంతకీ పాత ఫోటోకూ మనిషికీ తేడా ఏమిటని అడిగింది. మొహం బాగా నిండుగా అయిందండీ అని సెంటరక్క చెప్పింది. అంతే, మేడమ్ గొంతులో సంతోషం పొంగింది! అంటే మన తిండి ఒంటబట్టిందన్నమాట అంది. ఇప్పటి ఫోటో ఒకటి తీసి పాతదానితో కలిపి పంపమంది, పోస్టర్ వేయిస్తామంది. తిండి మాటేమిటంటే, మొహం మళ్లీ మామూలైనప్పుడు తీసుకెళ్లమను అంది.

చూశారా! ఒకే మొహం. బీరువా ముందు అది ఆమెది కాదు, పోస్టర్ మీద మాత్రం నిక్షేపంగా ఆమెదే. మనుషులు నడిపే ఆఫీసులో ఇంత వెసులుబాటు సాధ్యమయ్యేదా?

వీధి వీధంతా కూడా మేడమ్ మాటే అంది. నిండుచందమామలా ఉన్నావన్నారు, ఈసారి మగపిల్లాడే అన్నారు, కాదు ఆడపిల్లకే ఇంత కళ వస్తుందన్నారు. అత్తగారు మురిసిపోయి, నా చేతి వంట అలాంటిదని చెప్పుకుంది. చెప్పులు పట్టడం లేదని ఆ అమ్మాయి తన భర్త చెప్పులేసుకుని షెడ్డుకు వెళితే షెడ్డంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

కానీ గుడ్లు ఆగిపోయాయి, పాలు ఆగిపోయాయి. నెల చూస్తే ఏడోది. ఆ అమ్మాయికి భయం పట్టుకుంది. భయం పట్టుకున్న మనిషి బుర్ర చురుగ్గా పనిచేస్తుందంటారే, అలాగే పనిచేసింది. ఒళ్లు వచ్చినందుకే కదా ఫోను కాదంటోంది? ఆ ఒళ్లేదో తగ్గించుకుంటే పోలా? కొన్నాళ్లు కడుపు మాడ్చుకుంటే నెలంతా బిడ్డకు తిండి వస్తుంది!

తిండి కోసం తిండి మానెయ్యడం. పౌష్టికాహార శాస్త్రం ఇంతవరకు తొక్కని దారి ఇది. మన ఫోను ధర్మమా అని అదీ కనిపెట్టాం.

రాత్రి అన్నం మానేసింది. అత్తగారు అడిగితే షెడ్డులో తినొచ్చానంది. షెడ్డులో అడిగితే ఇంట్లో తినొచ్చానంది. షెడ్డు మేస్త్రీ ఇచ్చిన సెలవులు మళ్లీ మళ్లీ సెంటర్‌కు వెళ్లి మొహం పెట్టి రావడానికే సరిపోయాయి, డాక్టరమ్మ చెకప్ వెనక్కి పోయింది. తల పగిలిపోయేలా నొప్పి వస్తే ఆకలికి అనుకుంది. కాజా వంక చూస్తుంటే కళ్ల ముందు మెరుపులు మెరిస్తే అదీ ఆకలికే అనుకుంది. ఒక రోజు చొక్కాలు చొక్కాలే వెనక్కొచ్చాయి, కాజాలన్నీ వంకర పోయాయి. మొహం మాత్రం తగ్గకపోగా ఇంకా పెరిగింది.

ఆఖరిసారి వెళ్లినప్పుడు భర్త వ్యానులో దింపాడు. ఆమె గుండ్రటి గీతలో మొహం పెట్టి, బుగ్గలు లోపలికి పీల్చుకుని, కదలకుండా నిలబడింది. ఫోను ఇంకా ఆలోచిస్తూనే ఉంది. ఆమె గోడకు ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది. చేతులూ కాళ్లూ కొట్టుకున్నాయి. సెంటరక్క ఫోను పారేసి ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. నీళ్ల క్యాన్లు రోడ్డు మీదికి దొర్లించి, ఆ చోట్లో ఆమెను పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లారు.

అక్కడ నర్సు చేసిన పనల్లా ఒక్కటే. బీపీ మిషను చుడుతూ, ఆ అమ్మాయి మోకాలి కింద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా ఆ గుంట అలాగే ఉండిపోయింది. నర్సు తలెత్తి భర్త వంక చూసింది.

"ఇది ఒళ్లు కాదు, బీపీకి పట్టిన నీరు. ఇంత నీరు పట్టిన మొహాన్ని ఇన్నాళ్లూ ఒక్కరూ చూడలేదా?"

"చూసిందండీ," అన్నాడు అతను. "ఫోను చూసింది."

పాఠకులారా, మొదటినుంచీ నేను వెటకారం ఆడుతున్నానని మీరు అనుకుంటూ ఉంటారు. ఒట్టు, కాదు. ఆ ఫోను అబద్ధమాడలేదు. ఈ మొహం మునుపటి మొహం కాదు, ఏదో మారిపోయింది, చూడండి చూడండి అని అది ఎర్రలైటు వేసి మరీ మొత్తుకుంది. కళ్లున్నవాళ్లందరం దాని చేత ఎలాగైనా ఔననిపించాలని చూశాం. కుదరకపోతే చందమామ అన్నాం, పోస్టర్ వేశాం. మొహం ఎందుకు మారిందమ్మా అని ఆ పిల్లను అడగడం మాత్రం ఒక్కరికీ తోచలేదు. అందుకే అంటున్నాను, గుర్తుపట్టే పని మన చేతుల్లోంచి పోవడం మంచిదే. ఉన్నప్పుడు మాత్రం ఏం వెలగబెట్టాం?

ఆ రాత్రే కడుపు కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. గుప్పెడంత ఉంది. గాజుపెట్టెలో ఉంది, ఊపిరి తీసుకుంటోంది, పాలు చుక్కలు చుక్కలుగా మింగుతోంది. అత్తగారు ఆ గాజు మీద మొహం ఆనించి, ఎవరు లెమ్మన్నా లేవడం లేదు.

ఆ పాలు ఇవ్వాల్సిన తల్లికి తిండి కావాలి. అందుకని లేచి నడవగలిగిన రోజున కాజాల అమ్మాయి మళ్లీ సెంటర్‌కు వెళ్లింది. ఒంట్లో నీరంతా దిగిపోయింది. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్లు గుంటలు పడ్డాయి. ఫోను క్షణం కూడా ఆలోచించలేదు. ఆకుపచ్చ టిక్కు వచ్చింది, గంట మోగింది.

సెంటరక్క కళ్లు తుడుచుకుని, హమ్మయ్య, ఇప్పుడు సరిగ్గా నువ్వే అంటూ బీరువా తెరవబోయింది. బీరువా తలుపు మీద కొత్త పోస్టర్ అంటించి ఉంది. ఒక పక్క 'ముందు' అని పీక్కుపోయిన మొహం. రెండో పక్క 'తర్వాత' అని నిండుగా, మెరుస్తూ, రెప్పలు వాలిపోతున్న మొహం.

కాజాల అమ్మాయి ఆ రెండో మొహం మీద వేలు పెట్టింది.

"ఇదీ నేనే అక్కా. అప్పుడు నాకు బాగాలేదు."